మూడున్నరకి వచ్చే కంప్లైంటు

తొంభైల మొదట్లో ఏడు నెలలపాటు నేను శ్రీనగర్ కాలనీలో ఒక ఏసీ రిపేరు షాపులో ఫోన్లు ఎత్తే ఉద్యోగం చేశాను. డిగ్రీ అయిపోయింది. బ్యాంకు పరీక్ష రాసి ఫలితం కోసం ఎదురుచూస్తున్నాను. వెంగళరావు నగర్‌లో అక్కావాళ్ల ఇంట్లో ఉండేదాన్ని. నేను ఖాళీగా ఉన్నా బావగారు పల్లెత్తు మాట అనేవారు కాదు. అయినా ఆయన ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పే వేళకి ఏదో ఒక పని చేస్తున్నట్టు కనబడాలని నాకు ఆరాటంగా ఉండేది. అందుకే ఎవరో చెప్పగానే ఆ షాపులో చేరిపోయాను.

ఒక బల్ల, ఒక ఫోను, ఒక లావుపాటి రిజిస్టరు. అంతే నా ఉద్యోగం. పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరు దాకా ఆ కుర్చీలో కూర్చోవడం నా వల్ల అయ్యేది కాదు. కాలు ఊపుతూ ఉండేదాన్ని. "ఆ కాలు ఆపమ్మా, బల్ల కదులుతోంది," అనేవారు ఓనరు గారు. ఆపేదాన్ని. రెండు నిమిషాలకి మళ్లీ మొదలు. రోడ్డు మీద ఖాకీ చొక్కా కనబడితే చాలు, పోస్టుమ్యానేమోనని లేచి నిలబడేదాన్ని. నా ఉత్తరం షాపుకి రాదని తెలిసి కూడా.

ఫోను చేసేవాళ్లలో ఎక్కువమంది జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ వాళ్లు. "మా ఏసీ పని చేయట్లేదు, మనిషిని పంపండి," అని పెట్టేసేవారు. నేను అదే రిజిస్టర్లో రాసేదాన్ని. మా పెద్ద మెకానిక్కుది టోలిచౌకి. యాభై ఏళ్లుంటాయి. అందరూ చాచా అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. చేరిన వారానికి ఆయన నా రిజిస్టరు చూసి నవ్వాడు.

"గిదేంది బేటీ, అందరిదీ ఒక్కటే రాసినవ్? డాక్టర్ కాడికి పోయి బాగలేదంటే ఏడ నొస్తుందని అడుగుతడా లేదా? నువ్వు గూడ అడగాలె."

ఏమేం అడగాలో ఆయనే నేర్పాడు. గాలి వస్తోంది గానీ చల్లగా లేదా? లేక గాలే తగ్గిందా? గాలే తగ్గిందంటే ముందు జాలీ, అంటే దుమ్ము ఆపే ఫిల్టరు, కడిగి ఎన్నాళ్లయిందో అడగాలి. నీళ్లు ఇంటి లోపలికి కారుతున్నాయంటే వెనక పైపు మూసుకుపోయి ఉంటుంది. లోపల ఐసు కడుతోందంటే, జాలీ శుభ్రంగానే ఉంటే, గ్యాసు తగ్గినట్టు. శబ్దం మారిందా, ఎప్పటినుంచి? ఏసీ ఆన్ అవగానే గదిలో లైట్లు మసకబారుతున్నాయా? వాసన ఏదైనా వస్తోందా? తడిగుడ్డ వాసనా, కాలిన వాసనా?

ఇలా అడగడం మొదలుపెట్టాక నాకు ఆ కుర్చీలో కాస్త ఊపిరాడింది. జూబ్లీహిల్స్‌లో ఒక పెద్దింటి వాళ్లు ఏసీలో గ్యాసు అయిపోయిందని గట్టిగా వాదిస్తుంటే, ఆ గదిలో ఏం చేస్తారని అడిగాను. మేకప్ వేసుకుంటారట. వెళ్లి చూస్తే జాలీ నిండా ఫేసు పౌడరు, రొట్టెలా పేరుకుపోయి ఉంది. చాచా తిరిగొచ్చి ఆ సంగతి చెప్పిన రోజు మధ్యాహ్నం వరకూ నేను కాలు ఊపలేదు.

ఏప్రిల్‌లో ఒకావిడ ఫోను చేసింది. ఫిల్మ్‌నగర్ కింది వైపు, చిన్న ఇళ్లుండే వరసలో ఇల్లు. గొంతులో తొందర లేదు. వినేవాళ్లకి విసుగొస్తుందేమోనన్న జంకు మాత్రం ఉంది.

"ఏసీ పొద్దున బాగానే ఉంటుందమ్మా. మధ్యాహ్నం మూడున్నర అయ్యేసరికి ఒకసారి మూలుగుతుంది, టక్కుమని ఆగిపోతుంది. కాసేపటికి మళ్లీ మూలుగు. మంచంలో మనిషి ఉన్నాడండీ, గది చల్లగా ఉండాలన్నారు డాక్టరుగారు."

మర్నాడు పొద్దున్నే చాచా వెళ్లాడు. ఏసీ నిక్షేపంగా నడుస్తోంది. జాలీ కడిగి వచ్చేశాడు. నాలుగు రోజులకి ఆవిడ మళ్లీ ఫోను చేసింది. అదే మాట. చాచా ఇంకోసారి వెళ్లాడు, మళ్లీ పొద్దున్నే. ఎండాకాలం మధ్యాహ్నాలన్నీ పెద్దిళ్ల పనులకే సరిపోయేవి మరి. "మంచిగనే ఉంది బేటీ. పాత మిషిను, జర చప్పుడు జేస్తది. ఆ అమ్మకు ఫికర్ ఎక్కువ," అన్నాడు. మూడోసారి ఫోను వచ్చినప్పుడు ఓనరు గారు రాయొద్దన్నట్టు చెయ్యి ఊపారు.

ఆ మూడో ఫోనులో ఆవిడ మాట వెనక ఒక మగగొంతు వినబడింది. "వద్దు. వద్దు. వద్దు." ఆగకుండా.

"ఎవరండీ?" అన్నాను.

"మా ఆయనమ్మా. పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి ఆ ఒక్క మాటే మిగిలింది. ఆకలేసినా వద్దు, దాహమేసినా వద్దు. ఈ వేళకి మరీ ఎక్కువవుతుంది. డాక్టరుగారు మాత్ర రాసిచ్చారు, వేస్తే పడుకుంటారు." మళ్లీ, "మనిషిని పంపిస్తారా?" అంది.

పంపిస్తామన్నాను. పంపరని నాకు తెలుసు.

మర్నాడు పొద్దున్నుంచి నాకు ఏ పనీ చేతికి రాలేదు. రిజిస్టర్లో అడ్రసులు తప్పు రాశాను. ఆ "వద్దు" అదే పనిగా చెవిలో తిరుగుతోంది. మూడున్నర అని ఆవిడ ప్రతిసారీ చెప్పింది, చాచా వెళ్లిన రెండుసార్లూ పొద్దున్నే వెళ్లాడు. ఈ మాట ఓనరు గారితో అంటే, "మధ్యాహ్నం మనిషి ఎక్కడున్నాడమ్మా?" అన్నారు. రెండు గంటలకి తలనొప్పని అబద్ధం చెప్పి బయటపడ్డాను. నేను వెళ్లి ఏం చేస్తానో నాకే తెలియదు. ఇలా అబద్ధమాడి పని ఎగ్గొట్టడం నా జన్మలో మొదటిసారి. ఆటోలో కూర్చున్నంతసేపూ ఎవరో పిలుస్తున్నట్టు వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటాక బండరాళ్ల మీంచి కొట్టే వేడికి కళ్లు మండాయి.

తలుపు తీసి ఆవిడ నా చేతులకేసి చూసింది, పనిముట్ల సంచీ ఏదన్నట్టు.

"నేను ఫోన్లో మాట్లాడే అమ్మాయినండీ. ఒక గంట కూర్చుని చూసి వెళతాను."

ఆవిడకి అరవై లోపే ఉంటాయి. కుర్చీ లాగి వేసి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. మద్రాసు నుంచి వచ్చి ఆరేళ్లయిందట. ఆయన సినిమాల్లో లైట్‌మ్యాన్‌గా చేరి, లైట్లన్నీ తన చేతి మీద నడిపించే దాకా ఎదిగిన మనిషి. ముప్పై ఏళ్లు జనరేటర్ల మధ్య, కేబుళ్ల మధ్య బతికాడు. ఈ ఏసీ, ఎవరో నిర్మాత ఆఫీసు మూసేస్తూ పట్టుకెళ్లమన్నది.

ఆయన మంచం కిటికీ గోడకి ఆనించి ఉంది. తలవైపు ఒక చెక్క బీరువా. కుడి చెయ్యి దిండు మీద ఊరికే పడి ఉంది. ఎడమ చెయ్యి దుప్పటి అంచు నలుపుతోంది. కళ్లు మాత్రం నా మీదే ఉన్నాయి. ఏసీ చల్లగానే వీస్తోంది. మూడయింది. మూడుంపావు. ఏమీ లేదు. వచ్చి తప్పు చేశానేమో, లేచి వెళ్లిపోదామా అని రెండుసార్లు అనుకున్నాను.

మూడున్నరకి ఇంకా ముందే ఆయన ఎడమ చెయ్యి మంచం పట్టెని కొట్టడం మొదలుపెట్టింది. "వద్దు," అన్నాడు. తల అటూ ఇటూ తిప్పాడు. "వద్దు. వద్దు." ఆవిడ లేచి మాత్ర కోసం వెళ్లింది. ఆ తర్వాత బల్బు ఒక్కసారి మసకబారింది. ఏసీ మూలిగింది. స్టెబిలైజర్ టక్కుమంది. మూలుగు ఆగిపోయి, ఒట్టి గాలి మాత్రం వీచింది.

ఏసీ మూలగకముందే ఆయన మొదలుపెట్టాడు.

"మాత్ర ఆగండి," అన్నాను. ఆయన చూపు ఏసీ మీద లేదు. తల వెనక్కి విరిచి బీరువాకేసి చూడబోతున్నాడు, మెడ తిరగడం లేదు. నేను మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఆయన ఎడమ చెయ్యి పట్టుకున్నాను. నోటికొచ్చినవి ఫోన్లో అడిగే ప్రశ్నలే.

"అవునంటే నా చెయ్యి నొక్కండి. చల్లదనం చాలట్లేదా?"

నొక్కలేదు. "వద్దు," అన్నాడు.

"శబ్దమా?"

ఏమీ లేదు.

"లైట్లు తగ్గుతున్నాయనా?"

వేళ్లు కదిలాయి గానీ నొక్కలేదు.

"వాసనా?"

ఆయన నా చెయ్యి ఎంత గట్టిగా నొక్కాడంటే నా గాజు ఒకటి చిట్లింది.

వంగి బీరువా పక్క సందులో ముఖం పెట్టాను. అప్పుడు తెలిసింది. ఎండుచేపలాంటి వాసన, ప్లాస్టిక్కు వేడెక్కితే వచ్చేది. గది మధ్యలో నిలబడ్డవాళ్లకి అందేది కాదు. ఆయన తల ఆ సందుకి జానెడు దూరంలో ఉంది. "మెయిన్ ఆపేయండి," అన్నాను. ఆవిడ పరుగెత్తింది. ఫ్యాను కూడా ఆగాక ఇద్దరం కలిసి బీరువా జరిపాం. స్టెబిలైజర్ ప్లగ్గు పెట్టిన సాకెట్టు పెట్టె గోధుమ రంగుకి మాడి, ఒక మూల కారి గట్టిపడింది. వైరు తొడుగు ఉబ్బిపోయింది. దానికి ఆనుకునే పాత దుప్పట్ల మూట.

ఆవిడ ఆ మూట లాగి వరండాలో పడేసి వచ్చింది. చేతిలో మాత్ర ఇంకా అలాగే ఉంది.

"నెల రోజులు," అంది. "నెల రోజులుగా ఈయన చెబుతుంటే నేను మాత్ర వేసి పడుకోబెడుతున్నాను."

మాకు మూడుసార్లు ఫోను చేసింది ఆవిడే కదా అన్నాను. ఆవిడ ఆ మాట విన్నట్టు లేదు. మంచం మీద కూర్చుని ఆయన కాలు నిమురుతూ ఉండిపోయింది. ఆయన మాత్రం ఎడమ చెయ్యి చాచి వేళ్లు ఆడిస్తున్నాడు. ప్లగ్గు కావాలని. చల్లారాక పీకి ఇచ్చాను. కళ్ల దగ్గర పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. మాడిన పిన్ను మీద బొటనవేలు రాశాడు. "వద్దు," అన్నాడు నెమ్మదిగా, ఎవరి చేతిపనినో తప్పుపడుతున్నట్టు.

అక్కడి నుంచే షాపుకి ఫోను చేశాను. తలనొప్పి అన్నదానివి అక్కడెందుకున్నావని ఓనరు గారు అడిగారు. ముందు చాచాని పంపమన్నాను. చాచా ఆరింటికి వచ్చాడు. ప్లగ్గు చూసి, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని చాలాసేపు నేల మీదే కూర్చున్నాడు.

"నేను పొద్దుగాల వచ్చిన. దీని రోగం మధ్యాహ్నం పూట కనిపిస్తది. ఎండకు అందరి ఏసీలు నడుస్తయ్, వోల్టేజి పడిపోతది. స్టెబిలైజర్ దాన్ని ఎత్తనీకి జూస్తది, వైరు మీద జోరు పడుతది. ప్లగ్గు లూజుంది, వైరు సన్నది. గా ప్లగ్గు మండకుంటే ఏం జేస్తది?" అని ఆవిడకేసి తిరిగి, "మాఫ్ చెయ్యమ్మా. నువ్వు టైము గూడ చెప్పినవ్. నేను ఇనలే," అన్నాడు.

మర్నాడు ఏసీకి వేరే లావు వైరు లాగి, కొత్త సాకెట్టు బయటికి కనబడేలా గోడ మధ్యలో బిగించాడు. మూలుగుతున్న ఏసీకి కెపాసిటర్ మార్చాడు. ఆ పని జరిగినంతసేపూ ప్రతి వైరూ ముందు మంచం దగ్గరికి తెచ్చి చూపించాడట. మంచంలో ఆయన చెయ్యి నొక్కితే బిగించడం, లేకపోతే ఇంకోటి చూపించడం. ఒకచోట స్క్రూ బిగువు చాల్లేదని ఆయన తనచేత రెండుసార్లు తిప్పించాడని చాచా మురిసిపోతూ చెప్పాడు.

అబద్ధమాడినందుకు ఓనరు గారు వారం రోజులు నాతో ముభావంగా ఉన్నారు. తర్వాత రిజిస్టర్లో ఏసీ ఏ టైముకి ఇబ్బంది పెడుతుందో రాయడానికి ఒక గడి గీయమన్నారు. అంతకు మించి ఆ సంగతి మా మధ్య రాలేదు. ఇంట్లో అక్కకి కూడా చెప్పలేదు. ఆ ఎండాకాలమంతా నాకు నిద్ర సరిగా పట్టేది కాదు. అన్నం తింటూ మధ్యలో లేచి వెళ్లి ఫ్రిజ్ ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని. బావగారు నా వంక వింతగా చూసేవారు. తలనొప్పన్న ఆ అబద్ధం ఆడకుండా ఆ రోజు షాపులోనే కూర్చుని ఉంటే ఏమయ్యేదోనన్న ఆలోచన ఇప్పటికీ ఒక్కోసారి కుదురుగా కూర్చోనివ్వదు.

ఆగస్టులో బ్యాంకు ఉత్తరం వచ్చింది. ఊరు వదిలి వెళ్లే ముందు ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. గుమ్మంలోకి రాకముందే ఆవిడ గొంతు వినబడింది.

"కిటికీ వెయ్యమంటారా? కాదా. టీవీ ఆపనా? అదీ కాదా. మరి ఏంటండీ, కాఫీయా? ఇందాకే కదా తాగారు?"

నన్ను చూసి ఆవిడ ఆయన చెయ్యి వదిలేసి లేచింది. మాత్రలు ఆ రోజు నుంచే ఆపేశానని చెప్పింది. ఇదివరకు మధ్యాహ్నాలు ఇల్లు నిశ్శబ్దంగా ఉండేదట.

"ఇప్పుడు పొద్దస్తమానం గొడవేనమ్మా. కూరలో ఉప్పు దగ్గర్నుంచి అన్నీ అడిగి తేల్చుకోవాలి. ఒక్కటీ నేను చెప్పినట్టు వినరు."

ఆయన ఎడమ చెయ్యి మంచం పట్టెని రెండుసార్లు తట్టింది. "అవునట, కాఫీయేనట," అంటూ ఆవిడ కలపడానికి లోపలికి వెళ్లింది.