మాటలు మింగే డబ్బా

మా మావయ్యగారు టెలిఫోన్ డిపార్ట్‌మెంట్‌లో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. తణుకు ఎక్స్ఛేంజిలో కంప్లైంట్లు రాసుకునే బల్ల ఆయనది. ఊళ్ళో ఎవరి ఫోన్ మూగబోయినా ముందు తిట్లు తినేది ఆయనే. అలాంటి మనిషికి, ఫోన్ పనిచేయడం లేదని తాను ఇంకొకళ్ళని నిలదీసే అవకాశం జీవితంలో మొదటిసారి అమెరికాలో, బెంటన్‌విల్‌లోని మా అపార్ట్‌మెంట్‌లో దొరికింది. ఆయన దాన్ని వృథా పోనివ్వలేదు.

అది రెండు వేల తొమ్మిది ప్రాంతం. ఇండియాకి మాట్లాడాలంటే కార్డు కొని, వెనక గీకి, బారెడు నంబరు నొక్కే రోజులు పోతున్నాయి. అత్తయ్యగారూ మావయ్యగారూ ఆరు నెలలు ఉండడానికి వస్తున్నారని మా ఆయన ఇంటర్నెట్ ఫోన్ పెట్టించాడు. అరచేతిలో పట్టే నల్ల డబ్బా, దాని పేరు అడాప్టర్. ఒకవైపు ఇంటర్నెట్ వైరు, రెండోవైపు మామూలు ఫోన్. ఇండియాకి ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. ఆ "ఎంతసేపైనా" అన్న మాట అత్తయ్యగారి చెవిన వేయడం మా ఆయన చేసిన మొదటి పొరపాటు.

రోజూ పొద్దున్న ఏడున్నరకి ఆవిడ రాజమండ్రిలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసేవారు. అక్కడ అప్పటికి సాయంత్రం ఆరు. అంతకన్నా ఆలస్యమైతే ఆ చెల్లెలు టీవీ సీరియళ్ళలో పడిపోయేది, ఇల్లు కాలినా ఫోన్ ఎత్తేది కాదు. మొదటి వారం అంతా బాగానే సాగింది. రెండో వారం నుంచి తేడా వచ్చింది. చెల్లెలి గొంతు ఇక్కడ గంటలా మోగుతోంది. అత్తయ్యగారి మాట మాత్రం అక్కడికి ముక్కలు ముక్కలుగా చేరుతోంది.

"అక్కా, నువ్వు చెప్పేది సగమే వినపడుతోందే!"

"సగమా? ఏ సగం?" అని అత్తయ్యగారు కేకేశారు.

ఏ సగమో చెల్లెలు మాత్రం ఏం చెప్పగలదు? అత్తయ్యగారు గొంతు పెంచారు. కింద ఫ్లాట్‌లో ఉండే అమెరికన్ ఆవిడ పైకొచ్చి, అంతా క్షేమమేనా అని నన్ను విడిగా పిలిచి అడిగింది.

మా ఆయన నెట్‌వర్క్ ఇంజనీరు. పెద్ద దుకాణాల కంపెనీ హెడ్డాఫీసులో కాంట్రాక్టు. దేశమంతా ఉన్న షాపుల కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా చూడడం అతని ఉద్యోగం. తల్లి రాజమండ్రితో మాట్లాడుకునేలా చూడమంటే మాత్రం ఇడ్లీ ముక్క చట్నీలో ముంచుతూ తీర్పు చెప్పేశాడు.

"అది ఇండియా సైడ్ ప్రాబ్లమ్ అమ్మా. అక్కడి లైన్లు అంతే."

మావయ్యగారు తినడం ఆపేశారు. "మా లైన్లకేమొచ్చిందిరా?"

"నేను జనరల్‌గా అన్నాను నాన్నా."

"జనరల్‌గానా? నీ ఇంజనీరింగ్ ఫీజు కట్టింది ఆ లైన్లే." అని ఆయన లేచి వెళ్ళి అడాప్టర్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

ఇది తండ్రీకొడుకుల గొడవ, నాకెందుకులే అనుకున్నాను. నేను డిపెండెంట్ వీసా మీద ఇంట్లో ఉండేదాన్ని. రోజూ పదింటికి గుంటూరులో మా అమ్మకి అదే ఫోన్ నుంచి చేసేదాన్ని. నాకెప్పుడూ లైను శుభ్రంగానే ఉండేది. ఓరోజు అమ్మ ఫోన్ ఎత్తగానే, "ఏమే, మీ అత్తగారికి అన్నం పెట్టట్లేదటగా?" అంది.

ఆరా తీస్తే తేలిందేమిటంటే, అత్తయ్యగారు చెల్లెలితో నన్ను మెచ్చుకున్నారు. "మా కోడలు అన్నం కూడా నన్ను పెట్టుకోనివ్వట్లేదే, తనే వడ్డిస్తోంది" అన్నారు. డబ్బా మధ్యలో ముక్కలు మింగేసి, "మా కోడలు అన్నం కూడా… పెట్టు… ట్లేదే" అన్నది రాజమండ్రి చేర్చింది. అక్కడి నుంచి గుంటూరు దాకా రావడానికి రెండు రోజులు పట్టింది, ఆ దారిలో మాత్రం ఒక్క ముక్క కూడా తెగిపోలేదు.

అత్తయ్యగారు చాలా బాధపడ్డారు. మర్నాడు పొద్దున్నే సర్దిచెప్పబోయారు. "అలా కాదే, మా కోడలు ఏనాడూ నన్ను ఒక్క మాట అనలేదు!" అని గట్టిగా అరిచారు. మూడో రోజుకి మా అమ్మ మళ్ళీ అందుకుంది. "అన్నం సరే, మాట్లాడ్డం కూడా మానేశావటగా?"

"అత్తయ్యగారూ, దయచేసి నన్ను పొగడకండి," అన్నాను దండం పెట్టి. ఆవిడకి ఏడవాలో నవ్వాలో తెలియక చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకు మాత్రం ఆ రోజు నవ్వు రాలేదు. పెళ్ళయి రెండేళ్ళు కాలేదు. బంధువుల్లో ఒకసారి పడిన మచ్చ ఎన్నేళ్ళుంటుందో నాకు తెలుసు.

నా సెల్ నుంచి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. అవతల ఒక అమ్మాయి కంప్లైంట్ నంబర్ ఇచ్చి, వైర్లన్నీ పీకమంది. ముప్పై సెకన్లు ఆగమంది. మళ్ళీ పెట్టమంది. వెనక చిన్న కన్నం ఉంటుంది, సన్నటి దాంతో నొక్కమంది. అత్తయ్యగారు గాజులకి తగిలించుకున్న పిన్నీసు తీసిచ్చారు, మావయ్యగారు నొక్కారు. లైట్లు ఆరి వెలిగాయి. "ఇప్పుడు బాగుండాలి సార్," అంది ఆ అమ్మాయి ఇంగ్లీషులో.

మావయ్యగారి మొహం వెలిగిపోయింది. "ఇది మా మాటే! ముప్పై ఏళ్ళు జనానికి ఇదే చెప్పాను. బాగయిందో లేదో మాకూ తెలిసేది కాదు."

బాగవలేదు. అప్పుడాయన పాత డైరీ ఒకటి అడిగి తీసుకుని గళ్ళు గీశారు. ఫోన్ చేసిన టైము, చేసినవాళ్ళు, లైను ఎలా ఉంది, వాన పడుతోందా, మైక్రోవేవ్ తిరుగుతోందా, ఇంట్లో ఎవరెవరున్నారు. పది రోజులు విసుగు లేకుండా రాశారు. నేను పాలు వేడి చేయబోతే, "ఉండమ్మా, టైము వేసుకోనీ," అనేవారు.

ఆదివారం పొద్దున్న టిఫిన్ల దగ్గర కొడుకుని కూర్చోబెట్టారు.

"వాన పడ్డప్పుడు లైను బాగుంది. మైక్రోవేవ్ తిరిగినప్పుడూ బాగుంది. నువ్వు ఆఫీసుకెళ్ళాక మీ ఆవిడ చేసిన ప్రతి ఫోనూ బాగుంది. నువ్వు ఇంట్లో ఉంటే బాగోలేదు."

"అంటే ఏంటి నాన్నా, నేనేమైనా మేగ్నెట్‌నా?"

"అదే తేలుద్దాం. కారేసుకుని అలా తిరిగి రా."

మా ఆయన నవ్వుకుంటూ తాళాలు తీసుకుని వెళ్ళాడు. అత్తయ్యగారు రాజమండ్రికి ఫోన్ కలిపారు. లైను అంతే ఉంది, ముక్కలు ముక్కలుగా. మావయ్యగారు డైరీ మూసేశారు. ఆయన భుజాలు అలా జారిపోవడం చూసి నాకు జాలేసింది. కాసేపటికి లేచి, చేతులు వెనక్కి కట్టుకుని ఇల్లంతా తిరగడం మొదలుపెట్టారు. మా పడగ్గది గుమ్మం దగ్గర ఆగారు.

"అమ్మాయ్, ఆ మూల మిణుకు మిణుకుమంటున్నదేమిటి?"

"మీ అబ్బాయి లాప్‌టాప్ మావయ్యగారూ. ఇంట్లో ఉన్నంతసేపూ ఆన్‌లోనే ఉంటుంది. ఆఫీసుకెళ్తూ ఆపేసి వెళ్తారు."

ఆయన నా వైపు తిరిగారు. "వాడెళ్ళాడు గానీ వాడి సామాను వెళ్ళలేదన్నమాట. ఆపు."

మూత తెరిచాను. పదకొండు తెలుగు సినిమాలు బారులు తీరి ఉన్నాయి, ఒక్కోదాని పక్కన ఆకుపచ్చ గీత పాకుతూ. అప్పుడర్థమైంది, శుక్రవారం శుక్రవారం బెంటన్‌విల్‌లో సగం తెలుగిళ్ళకి మా ఆయన పంచిపెట్టే సీడీలు ఎక్కడి నుంచి వస్తున్నాయో. మొత్తం ఆపేశాను.

హాల్లోంచి అత్తయ్యగారి కేక వినపడింది. "ఏవండీ! అది నేను పక్కింట్లోంచి మాట్లాడుతున్నట్టుందంటోంది!"

మా ఆయన పాల క్యాన్‌తో తిరిగొచ్చేసరికి ముగ్గురం సోఫాలో వరసగా కూర్చుని ఉన్నాం. విషయం వినగానే అతని చెవులు ఎర్రబడ్డాయి. అమ్మానాన్నా వచ్చిన కొత్తలో వారం రోజులు సెలవు పెట్టి, లాప్‌టాప్ జోలికి పోలేదట. తర్వాత మళ్ళీ మొదలుపెట్టాడట.

"డౌన్‌లోడ్ చేస్తే మన మాట తెగడమేంట్రా?" అని అడిగారు మావయ్యగారు.

"టొరెంట్ అంటే అంతే నాన్నా. మనం తీసుకుంటూనే, మన దగ్గరున్నది ఇతరులకి పంపుతూ ఉండాలి. బయటికెళ్ళే దారంతా దానికే పోతుంది. అమ్మ మాట కూడా ఆ దారినే వెళ్ళాలి." చివరి వాక్యం దగ్గరకొచ్చేసరికి గొంతు బాగా తగ్గింది.

"నువ్వు నెట్‌వర్క్ ఇంజనీరువి."

"అవును నాన్నా."

"ఇండియా సైడ్ ప్రాబ్లమ్."

"సారీ నాన్నా."

అత్తయ్యగారు ఆ పూట చెల్లెలికి నా మంచితనం మొదటి నుంచీ చెప్పారు, ఒక్క అక్షరం పోకుండా. అవతలావిడ అంతా విని, "అయితే మీ ఆడపడుచుకీ, పెదనాన్నగారి కోడలికీ మళ్ళీ చెప్పాలే," అంది దిగులుగా. చెప్పిందో లేదో నాకు తెలియదు. మా అమ్మ మాత్రం మరో నెల దాకా, ఎందుకైనా మంచిదని, అత్తగారికి ఇవాళ ఏం వండావని అడుగుతూనే ఉంది.

మధ్యాహ్నం మావయ్యగారు నా సెల్ అడిగారు. కస్టమర్ కేర్ కలపమన్నారు.

"ఇప్పుడు బాగుంది కదండీ?"

"బాగుంది కాబట్టే. కంప్లైంట్ క్లోజ్ చేయించాలి. ఊరికే పెండింగ్‌లో ఉంటే అవతలివాళ్ళకి పైనుంచి తిట్లు పడతాయమ్మా."

అవతల ఈసారి వేరే అమ్మాయి. ఫోన్ బాగయిందని చెప్పడానికి ఫోన్ చేశామంటే కాసేపు నమ్మలేదు. కంప్లైంట్ నంబర్ తీసుకుని, ఫాల్ట్ ఎక్కడ దొరికింది సార్ అని అడిగింది. మావయ్యగారు గొంతు సవరించుకుని, కొడుకు వైపు చూశారు.

"ఫాల్ట్ ఈజ్ మై సన్, మేడమ్."

ఆ పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది. ఇది ఫారంలో ఎలా రాయాలి సార్ అంది. ఇంటి లోపలి తప్పు, కంపెనీది కాదు అని రాయమని ఆయన నిదానంగా ఇంగ్లీషులో చెప్పారు. రాసింది మళ్ళీ చదివించుకుని, ఒక స్పెల్లింగ్ దిద్దించి, థాంక్యూ చెప్పి పెట్టేశారు.