ఎవరి మీద చాడీ, వారి కోసం ప్రార్థన

పోయిన నెల మోరిస్‌విల్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు, ఒక సాయంత్రం మా అల్లుడు అన్నం కలుపుకుంటూ వాళ్ళ మేనేజర్‌ని తిట్టడం మొదలుపెట్టాడు. పాపం, నెమ్మదస్తుడు, గట్టిగా మాట్లాడడం కూడా చేతకాదు. అలాంటివాడు ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయి మరీ తిట్టాడంటే, ఆ మేనేజర్ ఎంత ఏడిపించుకు తిని ఉంటాడో మీరే ఊహించుకోండి. మా అమ్మాయి కూర వడ్డిస్తూ తనూ రెండు మాటలు కలిపింది. అంతా అయ్యాక ఇద్దరూ హాయిగా పెరుగన్నం తిని, కంచాలు డిష్‌వాషర్‌లో సర్దేసి, ఎవరి ఫోన్ వాళ్ళు తీసుకున్నారు. నేను మాత్రం ఇంకా ఏదో జరగాల్సింది ఉన్నట్టు కుర్చీలోంచి లేవకుండా కూర్చుండిపోయాను. మా ఇంట్లో ఒకప్పుడు తిట్టడం తిట్టడంతో అయిపోయేది కాదు. అసలు పని ఆ తర్వాతే మొదలయ్యేది.

ఆ పని మాకు నేర్పింది మా అత్తగారు. మేం అమెరికాలో ఇర్వింగ్ అనే ఊళ్ళో రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో ఉండి, పిల్లలిద్దరూ ఎలిమెంటరీ స్కూల్‌కి వెళ్తున్న రోజులవి. గుంటూరులో మామగారు ప్రభువులో నిద్రించాక, భూస్థాపనకని వెళ్ళిన మావారు ఆవిణ్ణి ఒంటరిగా వదలలేక కొన్నాళ్ళకి మా దగ్గరికి తీసుకొచ్చేశారు. మిషన్ స్కూల్లో తెలుగు టీచరుగా రిటైరైన మనిషి, సంఘంలో స్త్రీల సమాజానికి పెద్ద. ఇలాంటి అత్తగారు వస్తున్నారంటే, ఇక పొద్దున్న లేస్తే బైబిల్ వాక్యం, పడుకోబోతే వాక్యం అని నేను లోపల్లోపల కొంచెం భయపడ్డ మాట నిజమే. తీరా వచ్చాక చూస్తే ఆవిడ వాక్యం చెప్పడం బహు అరుదు. చెప్పకుండా చేయించేవారు.

మనల్ని బాధపెట్టేవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యమని ప్రభువు చెప్పిన మాట సండే స్కూల్ నుంచి మనందరం విన్నదే. విన్నాం గానీ, శత్రువులంటే ఎక్కడో కత్తులు పట్టుకుని గుర్రాల మీద వచ్చేవాళ్ళనుకున్నామే తప్ప, ఆఫీస్‌లో పక్క సీటువాడనీ, చర్చిలో మనం వండి తీసుకెళ్ళిన బిర్యానీకి వంక పెట్టే ఆంటీ అనీ ఏనాడైనా అనుకున్నామా? మా అత్తగారు మాత్రం అలాగే అనుకున్నారు. అందుకని ఇంట్లో ఒక పద్ధతి పెట్టారు. అన్నాల దగ్గర ఎవరి మీద చాడీ చెబితే, అన్నాలయ్యాక జరిగే కుటుంబ ప్రార్థనలో వాళ్ళ పేరెత్తి, చాడీ చెప్పినవాళ్ళే పైకి ప్రార్థన చెయ్యాలి.

చాడీ చెప్పొద్దని మాత్రం ఆవిడ ఎన్నడూ అనలేదు, అది మీరు గమనించాలి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మన పెద్దవాళ్ళు మన నోళ్ళు కట్టేసేవారు కదా. ఈవిడ నిరభ్యంతరంగా చించుకోమనేవారు, కాకపోతే కుట్టుకోవడం కూడా మీ పనే అనేవారు. దేవుడి ముందు మంచివాళ్ళలా నటించడం కన్నా ఉన్న కోపం ఉన్నట్టు పళ్ళెంలో పెట్టి ఆయన ముందు పెట్టడం నయమని ఆవిడ నమ్మకం.

ఆ పద్ధతికి మొదట దొరికిపోయింది మావారు. అప్పట్లో ఆయన మేనేజర్ ఒకాయన, ఈయన రాత్రింబవళ్ళు కూర్చుని చేసిన పనిని పైవాళ్ళ ముందు తన పనిగా చెప్పుకుని మెప్పు కొట్టేశాడు. ఆ రోజు మావారు ఇంటికొచ్చి అరిచిన అరుపులకి కింద ఫ్లోర్‌వాళ్ళు ఏమనుకున్నారో నాకు తెలియదు. అన్నాలయ్యాక అత్తగారు కళ్ళు మూసుకుని, మొదలుపెట్టమన్నట్టు తల ఊపారు. ఇక తప్పదని మావారు పంటిబిగువున మొదలుపెట్టి, ఆ మేనేజర్‌కి మంచి బుద్ధి ప్రసాదించమని ప్రభువుని వేడుకున్నారు. అత్తగారు కళ్ళు తెరవకుండానే, "అది ఇందాక చెప్పిన చాడీయే కదరా, మళ్ళీ చెయ్యి" అన్నారు. ఎదుటివాళ్ళు మారాలని అడగకూడదట, వాళ్ళకి మేలు జరగాలని అడగాలట. వాళ్ళ ఇంట్లోవాళ్ళ గురించీ, ఒంట్లో బాగోగుల గురించీ అడగమన్నారు. తీరా చూస్తే ఇన్నేళ్ళుగా తిడుతున్న మనిషికి పెళ్ళాంబిడ్డలున్నారో లేదో కూడా మావారికి తెలియదు. తెలియనివాడి మేలు కోసం ఏమని అడుగుతాడు? మర్నాడు ఆఫీస్‌లో కాఫీ దగ్గర నిలబడి, తప్పనిసరై, ఆ కబురూ ఈ కబురూ కదిపి కనుక్కొచ్చారు. ఆయనకి ముసలి తల్లి ఉందట, మతిమరుపు వచ్చి కొడుకుని గుర్తుపట్టడం లేదట. ఆ సాయంత్రం మావారు ఆ తల్లి కోసం చేసిన ప్రార్థనలో బిగువు లేదు, గొంతు మెత్తబడింది.

ఆ మేనేజర్ మారిపోయి మావారిని కౌగిలించుకున్నాడని మీరు ఆశపడకండి, అలాంటిదేమీ జరగలేదు. ఆయన ఎప్పట్లాగే మెప్పు కొట్టేస్తూ, కొన్నాళ్ళకి వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. కానీ మావారు మాత్రం ఆఫీస్ నుంచి వచ్చి బూట్లు విసిరికొట్టడం మానేశారు. నాకదే పదివేలు.

క్రమంగా ఇది మాకు అలవాటైపోయింది. మా అమ్మాయి, తనని బర్త్‌డే పార్టీకి పిలవని ఒక క్లాస్‌మేట్ మీద ఏడ్చి ఏడ్చి, చివరికి ఆ పిల్ల పార్టీ రోజున వాన పడకూడదని తన అమెరికా యాస తెలుగులో ప్రార్థన చేసింది. నేను బిర్యానీ ఆంటీ కోసం ఎన్నిసార్లు చేశానో లెక్కే లేదు. ఇక అత్తగారు కొన్ని సాయంత్రాలు ఉన్నట్టుండి నా మోకాళ్ళ నొప్పి తగ్గాలనీ, నాకు కంటినిండా నిద్ర పట్టాలనీ ఎంతో ప్రేమగా వేడుకునేవారు. అప్పుడు నాకు అర్థమయ్యేది, ఆ పూట మావారి దగ్గర నా మీద చాడీ గట్టిగానే పడిందని. నవ్వూ వచ్చేది, ఒళ్ళూ మండేది. అయినా నన్ను తిట్టి నా నిద్ర కోసం దేవుణ్ణి అడిగిన అత్తగారి మీద కోపం నిలుపుకోవడం ఎవరి తరం?

అంత మంది పేర్లు వినిపించిన ఆ ప్రార్థనల్లో ఒక్క పేరు మాత్రం వినిపించేది కాదు. అది మా ఆడపడుచు పేరు, అంటే మావారి ఏకైక చెల్లెలు, అత్తగారి కడుపున పుట్టిన కూతురు. ఆ అమ్మాయీ అమెరికాలోనే, శాన్ రామన్‌లో ఉండేది. మామగారు పోయిన రోజుల్లోనే వాళ్ళాయన ఉద్యోగం పోయి, కొత్త కంపెనీవాళ్ళ వీసా పేపర్లు చేతికి రాలేదు. దేశం దాటితే మళ్ళీ రానిస్తారో లేదో లాయరే చెప్పలేకపోయాడు. చంటిబిడ్డ తల్లి, అడకత్తెరలో పోకచెక్కలా నలిగి నలిగి, చివరికి వెళ్ళకుండా ఉండిపోయింది. తండ్రి భూస్థాపన ఫోన్‌లోనే వింది. ఇదంతా అత్తగారికి మావారు ఎన్నోసార్లు విడమరిచి చెప్పారు. ఆవిడ విన్నారు, తల ఊపారు, అంతే. కూతురితో మాట్లాడడం మాత్రం మానేశారు.

ప్రతి శనివారం ఆ అమ్మాయి ఫోన్ చేసేది. అత్తగారు పక్కనే కూర్చుని కూరలు తరుగుతూ, బాగానే ఉన్నానని చెప్పమని నాకు సైగ చేసేవారు. "అమ్మకి ఇవ్వు వదినా" అని అవతల ఆ పిల్ల బతిమాలుతుంటే, ఇవతల ఈవిడ తల అడ్డంగా ఊపుతుంటే, మధ్యలో నేను అబద్ధాలు వెతుక్కోలేక చచ్చేదాన్ని. అయినా కూతుర్ని ఎవరి దగ్గరా పల్లెత్తు మాట అనలేదావిడ. చర్చిలో అందరూ ఆవిడ ఓర్పుని మెచ్చుకునేవారు. నేనూ ఓర్పే అనుకున్నాను. నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. నోరు తెరిచి తిడితే, తను పెట్టిన పద్ధతి ప్రకారం ఆ పిల్ల మేలు కోసం ప్రార్థన చెయ్యాలి. అది ఆవిడ వల్ల కాదు. అందుకే తిట్టలేదు.

వాళ్ళ పేపర్లు వచ్చాయన్న కబురు ఒక శనివారం తెలిసింది. ముందుగా గుంటూరు వెళ్ళి నాన్న సమాధి చూసి వస్తాననీ, టికెట్ బుక్ చేసుకున్నాననీ ఆడపడుచు చెప్పింది. వాళ్ళాయనకి కొత్త ఉద్యోగంలో సెలవు దొరకదు కాబట్టి బిడ్డని ఆయన దగ్గర ఉంచి తనొక్కతే వెళ్తోంది. ఆ మాటే నేను అన్నాల దగ్గర అందరికీ చెప్పాను. అత్తగారు కంచంలో చెయ్యి ఆపేశారు. ఇప్పుడు వెళ్తుందట, ఆయన మంచాన పడి దాని పేరు పెట్టి పిలిచినన్నాళ్ళూ రానిది ఇప్పుడు రాయిని చూడడానికి వెళ్తుందట, ఒక కాయితం ముక్క కోసం కన్నతండ్రి చివరిచూపు వదులుకున్నదానికి ఇప్పుడెందుకు ప్రయాణం అంటూ, అన్నాళ్ళూ కడుపులో దాచుకున్నదంతా ఒక్కసారిగా వెళ్ళగక్కారు. ఆవిడ గొంతు అలా పగలడం నేనెప్పుడూ వినలేదు. మావారు తల వంచుకున్నారు, పిల్లలు బిత్తరపోయారు. కంచాలు తీశాక ఏం జరగాలో మా అందరికీ తెలుసు, ఆవిడకీ తెలుసు. తలనొప్పిగా ఉందని చెప్పి ఆవిడ గదిలోకి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత కొన్నాళ్ళు మా ఇంట్లో ప్రార్థన ఆవిడ లేకుండానే జరిగింది. రమ్మని ఆవిణ్ణి పిలవడానికి మేమెంత? ఒక ఆదివారం, మేం అద్దెకి తీసుకుని ఆరాధన చేసుకునే స్కూల్ కెఫెటేరియాలో, ఎవరి మీదా పగ ఉంచుకోకుండా తీసుకోవాల్సిన ప్రభు బల్ల ఇచ్చారు. రొట్టె పళ్ళెం వరసలో ఆవిడ దగ్గరికొచ్చింది. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ బల్ల తప్పని మనిషి, పళ్ళెం అందుకుని, ఒక్క క్షణం చూసి, ఏమీ తీసుకోకుండా నా చేతికిచ్చేశారు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. పదిమంది ఏమనుకుంటారోనని తీసేసుకోవచ్చు, ఎవరికీ తెలియదు కూడా. కానీ మనసులో ఒకటి పెట్టుకుని చేత్తో ఇంకొకటి పట్టుకోవడం ఆవిడకి రాదు. మన సంఘాల్లో ఎందరో గొప్ప ప్రసంగాలు చేసినవాళ్ళని చూశాను గానీ, అంత నిజాయితీ నేను ఇంకెవరి దగ్గరా చూడలేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం అన్నాలయ్యాక, ఆవిడ గదిలోకి వెళ్ళకుండా వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. మేం చుట్టూ సర్దుకున్నాం. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. ఆ తర్వాత కూతురి పేరు పలికారు. మొదట అల్లుడి ఉద్యోగం నిలబడాలని అడిగారు. తల్లి తిరిగొచ్చేదాకా బిడ్డకి జలుబు చెయ్యకూడదని అడిగారు. దాని నడుము చిన్నప్పటినుంచీ బలం లేనిది, అంతదూరం విమానంలో కూర్చోగలగాలని అడిగారు. పెట్టెలు దించడానికి ఎవరైనా సాయం దొరకాలన్నారు. అక్కడ ఇల్లు తాళం వేసి ఉంది, తాళం తీసి లోపలికి వెళ్ళినప్పుడు అది బెదిరిపోకూడదన్నారు. చివరికి, "తండ్రీ, వాళ్ళ నాన్న సమాధి దగ్గర నా బిడ్డ ఒక్కతే నిలబడకూడదు" అన్నారు. అంతే, ఆ మాట దగ్గర ఆగిపోయారు. తన మాట తనే విన్నట్టు ఆగిపోయారు. ఆమేన్ అనలేదు. కళ్ళు తెరిచి, పైటచెంగుతో ముఖం తుడుచుకుని, మావారి వైపు తిరిగి, "ఆ ఫ్లైట్‌లో ఇంకో సీటుందేమో చూడరా" అన్నారు.

నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పేసి, చప్పుడు వినిపించకుండా తనివితీరా ఏడ్చాను.

అలా ఆవిడ శాన్ రామన్ వెళ్ళి, అక్కణ్ణుంచి కూతురితో కలిసి గుంటూరు వెళ్ళారు. సమాధి దగ్గర వాళ్ళిద్దరి మధ్యా ఏం జరిగిందో చూడడానికి నేను లేను. తిరిగొచ్చాక ఆడపడుచు ఫోన్‌లో చెప్పింది, "అమ్మ అక్కడ నన్ను కరువుదీరా తిట్టింది వదినా" అని. ఆ చెప్పడంలో ఎంత సంతోషమో. తిట్టి తిట్టి అలిసిపోయి, అక్కడే సమాధి గట్టు మీద కూతుర్ని ఒళ్ళో పడుకోబెట్టుకున్నారట. ఆ తర్వాత శనివారాలు ఫోన్ నా చేతికే రాలేదు. పప్పు పొయ్యి మీద మాడుతున్నా పట్టించుకోకుండా తల్లీకూతుళ్ళు మాట్లాడుకుంటూనే ఉండేవారు.

అత్తగారు ప్రభువు దగ్గరికి వెళ్ళి ఏళ్ళు గడిచాయి. మన ఈడు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, ఇప్పుడు మనుషుల తీరే వేరు. మన పిల్లలు మనకన్నా చాలా మర్యాదస్తులు. గొంతు పెంచరు, ఎదుటపడి దెబ్బలాడుకోరు. ఎవరితోనైనా పడలేదంటే చప్పుడు చెయ్యకుండా ఫోన్‌లో బ్లాక్ చేసేసుకుంటారు, కొంచెం స్పేస్ కావాలంటారు. వీళ్ళ మర్యాద చూస్తే ఒక్కోసారి నాకు భయమేస్తుంది. మా అబ్బాయికీ అమ్మాయికీ మధ్య కొంతకాలంగా మాటల్లేవు. ఏం జరిగిందో నాకు తెలియదు. వాణ్ణి అడిగినా, దాన్ని అడిగినా ఒకటే సమాధానం, ఏం లేదమ్మా, వి ఆర్ ఫైన్ అని. ఒకరి మీద ఒకరు ఒక్క చాడీ చెప్పరు. రోజూ ఇద్దరి పేర్లూ ఎత్తి ప్రార్థన చేస్తూనే ఉన్నాను. కానీ ఇద్దరిలో ఒక్కళ్ళైనా ఒకనాడు నా ఎదురుగా కూర్చుని, రెండోవాళ్ళని నోరారా తిడితే ఎంత బాగుండును. ఆ తర్వాత ఏం చెయ్యాలో నాకు తెలుసు.