రేడియేటర్లో అక్షింతలు

నాకు రాయడం కొత్త. ఐదో తరగతితోనే పలక పక్కన పెట్టేశాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మా కారు దగ్గరే మొదలుపెడుతున్నాను. తప్పులుంటే మీరే సర్దుకోండి.

అరవైల చివర్లో మా ఆయన విజయనగరంలో టాక్సీ నడిపేవాడు. పాత నల్ల కారు. పొద్దున్నే ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పితే గానీ లేచేది కాదు. నా పుట్టిల్లు నౌపడ దగ్గర పల్లె. మావాళ్ళు వరి పండించే రైతులు. సెంటు భూమి లేనివాడికి పిల్లనిచ్చామని వాళ్ళకి లోలోపల చిన్నతనం. మా చిన్నాన్న అయితే మా ఆయన్ని ఎప్పుడూ వరస పెట్టి పిలిచేవాడు కాదు. "ఆ డైవరు" అనేవాడు.

ఆ చిన్నాన్న కూతురికే పెళ్ళి కుదిరింది. సన్నాయి మేళం విజయనగరం నుంచి రావాలి. మా ఆయన అందరిలో లేచి, మేళాన్ని నా కార్లో ముహూర్తానికి ముందే దింపుతానని మాటిచ్చేశాడు. మేళం అందకపోతే ఏమవుతుందో మీకు తెలుసు కదా. తాళి కట్టేటప్పుడు డోలు గట్టిగా మోగాలి, లేకపోతే ఎవరి తుమ్మో వినిపించి ఊరంతా ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు. ఆ తుమ్ముకి కారణం మా ఆయన అవుతాడు. ఇక నేను పుట్టింటి గుమ్మం ఎక్కినట్టే.

పెళ్ళినాడు పొద్దున్నే చూస్తే రేడియేటర్ సన్నగా కారుతోంది. ఇంజన్ని చల్లబరిచే నీళ్ళు ఉండేది అందులోనే. ఆ రోజుల్లో డ్రైవర్లందరిదీ ఒకటే వైద్యం. నీళ్ళలో కాస్త పసుపు వేస్తే అది వెళ్ళి చిల్లిలో కూర్చుంటుంది. మా ఆయన మూత తీసి చిటికెడు పసుపు వేసి, చొక్కా మార్చుకోవడానికి లోపలికి వెళ్ళాడు. తర్వాత వచ్చి మూత బిగించేశాడు. ముందు సీట్లో మా అత్త, వెనక సన్నాయి పెద్దాయన, ఆయన అల్లుడు, డోలు, కిటికీకి అతుక్కుని నేను. అల్లుడిదే డోలు వాయించే పని.

రణస్థలం దాటకముందే బానెట్లోంచి పొగలు. మా ఆయన కారు ఆపి, గుడ్డ చుట్టి మూత తీసి చూశాడు. నీళ్ళు నిండుగానే ఉన్నాయి. ఫ్యాను బెల్టుని బొటనవేలితో నొక్కి చూశాడు. బిగువుగానే ఉంది. చల్లారనిచ్చి మళ్ళీ బయల్దేరాం. ఎచ్చెర్ల దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ బుసబుస.

డోలాయన దిష్టి అన్నాడు. అత్త నిమ్మకాయ తొక్కించమంది. పొద్దున్న తొక్కించిన నిమ్మకాయ ఏం చేసిందని మా ఆయన విసుక్కున్నాడు. నీళ్ళని తిప్పే పంపు పోయిందేమోనని, అదే అయితే విశాఖపట్నం నుంచి తేవాలని నెమ్మదిగా చెప్పాడు. నేనూ చూద్దామని వంగి రేడియేటర్ అంచు పట్టుకున్నాను. పట్టుకున్నది అడుగున. చల్లగా ఉంది. పైన చెయ్యి పెట్టబోతే సెగ కొట్టింది.

మా వంటింట్లో ఏ గిన్నె చూసినా అడుగు కాలుతుంది. ఇదేమిటి తిరగబడింది అని మా ఆయనకి చెప్పాను. ఆయనా రెండు చోట్లా తడిమి చూసి, "నీలు కిందకి దిగతం నేదు. మజ్జిలో ఏటో అడ్డం పడినాది" అన్నాడు.

అంతవరకూ తాటిచెట్టు నీడలో కూర్చున్న సన్నాయి పెద్దాయన లేచి వచ్చాడు. "పీకలో నలక పడితే ముందునుండి ఊదకూడదు బాబూ. ఇంకా బిగిసిపోతాది. ఎనకనుండి ఊదాల" అన్నాడు.

కారు బాగా చల్లారింది. మా ఆయన పైన మూత తీసి, కింది రబ్బరు గొట్టం ఊడదీశాడు. పెద్దాయన ఉత్తరీయం నడుముకి బిగించి, కారు ముందు బోర్లా పడుకుని, ఆ కన్నానికి నోరు ఆనించాడు. ఆయన బుగ్గలు రెండు బూరెల్లా పొంగాయి. గుళ్ళో సుప్రభాతం వేళ ఊదే ఊపిరి అంతా అందులో పెట్టాడు. పైన గుడగుడమంది. మూతి దగ్గర పచ్చగా ఏదో తేలింది.

అన్నం. మెత్తగా ఉడికిన పచ్చటి అన్నం.

మా ఆయన దాన్ని దోసిట్లోకి తీసి చూసి, వాళ్ళమ్మ వైపు తిరిగాడు.

"నానే ఏసినాను," అంది అత్త, సీట్లోంచి దిగకుండానే. "పెళ్ళికెల్లే కారు అలాగ నోరు తెరుసుకుని ఉంటే ఉత్తినే ఒదిలీమంటావేటి? పిడికెడు అచ్చింతలేసి దండం ఎట్టినాను."

"అమ్మా, అచ్చింతలు నెత్తిమీద ఏస్తారే. నోట్లో ఏస్తారేటి?"

"దాని నెత్తి ఏదో నాకేటి తెలుస్తాది?"

పెద్దాయన మళ్ళీ ఊదాడు. మా ఆయన పైనుంచి మెతుకులు తోడుతూ నీళ్ళు పోస్తూ ఉన్నాడు. డోలాయన పులిహోరకి ఆవపెట్టడమే తక్కువైందన్నాడు. అప్పుడు ఒక్కసారిగా దారి తెరుచుకుని, పైనున్న పసుపు నీళ్ళన్నీ పెద్దాయన మొహం మీదికి దూకాయి. బాగైందని మాకు అలా తెలిసింది. గొట్టం బిగించి, దగ్గర్లో నేలబావి నీళ్ళు పోసి బయల్దేరాం. పసుపు తన పని కూడా చేసినట్టుంది, కారడం ఆగిపోయింది.

పందిట్లో జీలకర్ర బెల్లం పెట్టడం అయిపోయింది. పురోహితుడు మంత్రాలు సాగదీసి సాగదీసి దారివైపు చూస్తున్నాడు. మా చిన్నాన్న మొహం మాడిపోయి ఉంది. పెద్దాయన కారు దిగుతూనే సన్నాయి అందుకున్నాడు. మొహమూ మెడా పచ్చగా ఉన్న ఆయన్ని చూసి ఒక ముసలమ్మ నా మోచెయ్యి లాగి, "ఒసే, ఈలల్లో పెళ్ళికొడుకు ఎవుడే?" అని అడిగింది. ఆ నవ్వు ఆపుకోలేక నేను చచ్చిపోయాను. ఈలోపు డోలు మోగింది, తాళి పడింది. ఎవరైనా తుమ్మారో లేదో ఆ దేవుడికే తెలియాలి.

భోజనాలయ్యాక చిన్నాన్న మా ఆయన దగ్గరికి వచ్చాడు. పందిట్లో పదిమంది ఉన్నారు. ఆయన గొంతు సవరించుకుని, "అల్లుడూ, పెళ్ళికూతుర్ని అత్తారింటికి నీ కారులోనే అంపుతాం. కాదనకు" అన్నాడు. అల్లుడూ అన్న ఆ మాట నేను చెవులారా విన్నాను. కళ్ళు తుడుచుకోవడానికి గోడవైపు తిరిగాను.

మా ఆయన సరేనన్నాడు. తర్వాత వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి, చాలా మర్యాదగా, ఆమెని నౌపడ స్టేషన్లో విజయనగరం రైలు ఎక్కించేస్తానని చెప్పాడు.