సన్నిధిలో నిద్ర

నా చిన్నప్పుడు ఒక ఆదివారం పొద్దున, మా సంఘం కూడుకునే మేడగది కింద, చాయ్ బండి వెనకాల గోడకు ఆనుకొని మా బాపు నిలబడి ఉండటం చూశాను. నాన్నను మేం బాపు అనేవాళ్ళం. పైన పాటలు సాగుతున్నాయి. ఆయన తల కాస్త వంచి, చెవి మెట్ల వైపు పెట్టి వింటున్నాడు. నీళ్ళ సీసా నింపుకు రమ్మని అమ్మ పంపితే కిందికి దిగిన నన్ను చూసి, మగ్గాల రొదలో ఒకరికొకరు సైగ చేసుకున్నట్టు అరచేయి అడ్డంగా ఊపాడు. చెప్పొద్దని. నేను చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, తరవాత అలవాటైన డైరీలో కూడా రాయలేదు. ఇన్నేళ్ళకు ఇదే మొదటిసారి.

అప్పటికి కొన్ని వారాలుగా ఆయన సంఘానికి రావడం మానేశాడు. దేవుడు ఇంట్లో లేడా, ఇంట్లోనే ప్రార్థన చేసుకుంటానని అమ్మతో తెగేసి చెప్పాడు. అలా చెప్పిన మనిషి, తన సొంత సంఘం పాడే పాటలను దొంగలా రోడ్డు మీద నిలబడి వినాల్సి వచ్చింది. అందుకు కారణమైన వాళ్ళ మీద నాకప్పుడు పుట్టిన కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. చల్లారిందని రాస్తే అబద్ధమవుతుంది.

మేముండేది సూరత్‌లో, పాండేసరలో. బాపు మరమగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు. రాత్రి పాళీ అంటే పొద్దుగూకిన దగ్గర్నుంచి తెల్లారేదాకా నిలువుకాళ్ళ మీద పని. ఆదివారం పాళీ దిగగానే ఇంటికి రాకుండా నేరుగా సంఘానికి వచ్చేవాడు. జుట్టు నిండా దారపు నూగు, ఎర్రబడ్డ కళ్ళు. వెనక గోడ పక్కన మగ్గాల పనివాళ్ళంతా ఒక వరుసగా కూర్చునేవాళ్ళు. పాటల్లో అందరికంటే పెద్ద గొంతులు వాళ్ళవే. ఏళ్ళ తరబడి ఆ రొదలో ఉండి చెవులు మందగించాయి కదా, తమ గొంతు తమకు వినపడాలంటే అంత గట్టిగా పాడాలి.

ఆ వెనక వరుసకు ఒక అలవాటుండేది. లోపలికి వచ్చేముందు గుమ్మం దగ్గర ఒకరి చొక్కా జేబు ఒకరు తడిమేవాళ్ళు. గుట్కా పొట్లం దొరికితే తీసి మెట్ల మీంచి కిందికి విసిరేవాళ్ళు. "ఏందన్నా, మళ్ళ తెచ్చినవా? నీ జేబుల సైతాను కాపురం పెట్టిండా?" అని నవ్వేవాళ్ళు. బాపు గుట్కా మానింది ఏ ప్రసంగం వినో కాదు. ప్రతి ఆదివారం ఎవరో ఒకరు జేబు తడుముతారని మానాడు.

మా గల్లీలో ఉండేది ఎక్కువగా మా కరీంనగర్ వైపు వాళ్ళే. మంచివాళ్ళు, జ్వరమొస్తే గంజి కాచి తెచ్చేవాళ్ళు. కానీ యేసును నమ్ముకున్న ఇళ్ళు రెండే, మాదీ పక్కింటి పెద్దమ్మదీ. కాబట్టి ఆ మేడగది పోతే మాకు కలిసి మోకరించే చోటు ఆ దరిదాపుల్లో ఇంకొకటి లేదు.

ఆ చోటును మాకు లేకుండా చేసినాయన మా సంఘ పెద్ద. హజీరా వైపు ఏదో కంపెనీలో ఇంజనీరు, కోస్తా నుంచి వచ్చినాయన. మంచి చదువు, మంచి కంఠం. అది జరిగింది ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆదివారం. వాక్యం ఆయనే చెబుతున్నాడు, పాస్టరుగారు పక్కన కుర్చీలో కూర్చున్నారు. బాపు గోడకు తల ఆనించి నిద్రపోయాడు. సన్నగా గురక కూడా వచ్చింది. సంఘ పెద్ద మాట ఆపి, "వెనక నిద్రపోతున్న సహోదరుడు లేచి నిలబడాలి" అన్నాడు. పక్కనున్నాయన మోచేత్తో పొడిస్తే బాపు ఉలిక్కిపడి లేచాడు. ఎందుకు లేపారో తెలియలేదు. సాక్ష్యం చెప్పమన్నారనుకొని, రెండు చేతులూ జోడించి, "దేవునికి స్తోత్రం. ఈ వారమంత నన్ను కాపాడిండు..." అని మొదలుపెట్టాడు.

అందరూ నవ్వారు. ముందు వరుస నవ్వింది, ఆడవాళ్ళ వైపు నవ్వారు, వెనక వరుస కూడా నవ్వింది.

"సాక్ష్యం కాదయ్యా, వెళ్ళి మొహం కడుక్కోండి. ఇది దేవుని సన్నిధి, మీ కార్ఖానా కాదు. ఇవాళ మీరు బల్ల దగ్గరికి రావద్దు" అన్నాడు సంఘ పెద్ద. బాపు తలూపి, చెప్పులు చేత్తో పట్టుకొని మెట్లు దిగాడు. మొహం కడుక్కొని వస్తాడని నేను గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను. రాలేదు. అమ్మ ముసుగు ముక్కుదాకా లాక్కుంది. పాస్టరుగారు బైబిల్లో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకునే ఉన్నారు. అందరికంటే ఆయన మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది. ఆ రోజు నుంచి పాటలప్పుడు నేను పెదాలు కదిపేదాన్ని తప్ప పాడేదాన్ని కాదు. సిగ్గరి పిల్లను కాబట్టి అంతకంటే గట్టిగా తిరగబడటం నాకు చేతకాలేదు.

ఇంట్లోనే ప్రార్థన అన్న బాపు మాట కొన్నాళ్ళు నిలిచింది. పాళీ నుంచి వచ్చి, బైబిలు ఒళ్ళో పెట్టుకొని కూర్చునేవాడు. కూర్చున్న చోటే నిద్రపోయేవాడు. తరవాత బైబిలు గూట్లోకి వెళ్ళింది. భోజనం ముందు చేసే ప్రార్థన పొట్టిదై, చివరికి ఆగిపోయింది. అమ్మ మీద ఊరికే విసుక్కోవడం మొదలైంది. ఒకరోజు ఆయన చొక్కా ఉతుకుతూ అమ్మ జేబులోంచి గుట్కా పొట్లం తీసింది. గచ్చు మీద పెట్టి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. ఆయన దేవుణ్ణి వదిలేశాడని నేననుకోను. ఒక్కడే మోయలేకపోయాడు.

పక్కింటి పెద్దమ్మ చీరలకు వేలాడే దారాలు కత్తిరించే పని ఇంటికి తెచ్చుకొని చేసుకునేది. భర్త లేడు. మాట మెత్తన కాదు. బాపును పిలవడానికి చాలాసార్లు మా ఒంటిగది ఖోలీకి వచ్చింది.

"ఇంట్ల దేవుడు లేడా వదినె?" అన్నాడు బాపు ఒకసారి.

"ఉన్నడు. ఒక్కడే కూసున్నడు పాపం, నువ్వు పండుకుంటివి, ఆయన నిన్ను జూసుకుంట కూసుండె. గదేం కూటమి మరిదీ?"

బాపు నవ్వలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆమె కత్తెర నడుముకు దోపుకొని, "సరే. జూస్త" అని వెళ్ళిపోయింది.

మా సంఘంలో సాక్ష్యాల సమయానికి ఒక పద్ధతి ఉంది. ఎవరు లేచి సాక్ష్యం చెప్పినా మధ్యలో ఆపకూడదు. చెప్పేవాళ్ళు ఒక మాట ముగించి ఊపిరి పీల్చుకున్నప్పుడల్లా అందరూ "స్తోత్రం" అనాలి. జ్వరం తగ్గిందన్నా స్తోత్రమే, పోయిన చెప్పులు దొరికాయన్నా స్తోత్రమే. అలవాటు ఎంత ముదిరిందంటే, సగం మంది వినకుండానే అనేవాళ్ళు. బాపును కింద చూసిన ఆ ఆదివారమే, నేను నీళ్ళ సీసాతో పైకి వచ్చి కూర్చున్న కాసేపటికి, పెద్దమ్మ గుమ్మం పక్కనున్న తన చోటులోంచి లేచి నిలబడింది.

"రాత్రి పాళీ జేసి, ఇంటికి పోయి పండకుండ, చక్కగ సన్నిధికొచ్చే మనిషిని దేవుడు మన సంఘానికిచ్చిండు."

"స్తోత్రం" అన్నారందరూ.

"గోడకు ఒరుగంగనే ఆయనకు నిద్ర పట్టింది."

"స్తోత్రం."

"నిద్రపోయిండని మనం ఆయన్ని లేపి నిలబెట్టినం."

"స్తోత్రం."

"నిలబెట్టి అందరం నవ్వినం."

"స్తోత్రం" అన్నారు, ఈసారి కొంచెం తక్కువ మంది.

"బల్ల కాడికి రావద్దని ఎళ్ళగొట్టినం."

ఎవరిదో ఒక గొంతు "స్తో" అని ఆగిపోయింది. పెద్దమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకొని అటునుంచి ఇటు అందరి మొహాలూ చూసింది.

"ఏమయ్యింది? అనుండ్రి. ఇందాకటిసంది మంచిగనే అంటిరి కద."

సంఘ పెద్ద గొంతు సవరించుకొని, "అమ్మా, సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలు చెప్పాలి. ఇది సాక్ష్యం కాదు" అన్నాడు.

"మేలు ఇంక కాలేదు సారూ. జర ఆగుండ్రి, అయినంక చెప్త" అని ఆమె మెట్లు దిగి వెళ్ళింది.

కింద నుంచి ఆమె గొంతు పైదాకా వినపడింది. "చాయ్ బండి కాడ ఎన్నొద్దులు నిలబడ్తవు మరిదీ? కాళ్ళు గుంజుతలేవా?" ఆ రహస్యం నా ఒక్కదానికే తెలుసని అనుకున్నాను. ఆమెకు ఎప్పట్నుంచి తెలుసో మరి, ఎవరి దగ్గరా ఆ మాట ఎత్తలేదు. కాసేపటికి బాపు మణికట్టు పట్టుకొని పైకి తెచ్చింది. ఆయన తల పైకెత్తలేదు. గుమ్మం దగ్గర వెనక వరుసలోంచి ఒకాయన లేచొచ్చి, ఎప్పటిలాగే బాపు జేబు తడిమాడు. పొట్లం దొరికింది. ఈసారి ఎగతాళి చేయలేదు, మెట్ల మీంచి విసరలేదు, ఎవరికీ కనపడకుండా పిడికిట్లో మూసి తన జేబులో వేసుకున్నాడు. బాపు భుజాలు కదలడం అప్పుడు చూశాను. ఏడుస్తున్నాడు.

పెద్దమ్మ ఆయన్ని తన చోటులోనే, ఫ్యాను కింద కూర్చోబెట్టింది. ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. "నిద్రొస్తె పండుకో. పాట మేం పాడుతం, నీ వంతుది గుడ" అంది. ఆయన నిజంగానే నిద్రపోయాడు. పాస్టరుగారు అప్పుడు లేచి, పాట ఎత్తుకోమన్నారు. పాట అయిపోయినా బాపు లేవలేదు. ప్రభువు బల్ల రొట్టె పళ్ళెం పట్టుకొని ఆయన పక్కన పాస్టరుగారు నిలబడే ఉన్నారు. ఎవరూ మోచేత్తో పొడవలేదు. పాట మళ్ళీ మొదటి నుంచి అందుకున్నారు. ఎప్పుడు మొదలుపెట్టానో తెలియదు, చూసుకుంటే నేనూ పాడుతున్నాను.

సంఘ పెద్ద ఆ రోజు పుస్తకం మూసి కూర్చున్నాడు. క్షమించమని బాపును అడగలేదు, ఆ తరవాత కూడా ఎప్పుడూ అడగలేదు. కొన్నాళ్ళకు ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్ళిపోయాడు. వీడ్కోలు రోజు అందరికంటే ముందు ఆయనతో చేయి కలిపింది మా బాపే. నేను కలపలేదు.

ఆ రోజు నుంచి నాకు రెండు రకాల మనుషుల మీద కోపం ఉంది. సన్నిధి తమ సొంతమైనట్టు గుమ్మం దగ్గర కాపలా కాసేవాళ్ళు ఒకరు. దేవుడూ నేనూ చాలు, మధ్యలో ఈ మనుషులెందుకు అనేవాళ్ళు రెండోవాళ్ళు. విశ్వాసం ఒంటరిగా పెరుగుతుందని చెప్పేవాళ్ళకు గచ్చు మీద ఆ పొట్లాన్ని చూస్తూ కూర్చున్న మా అమ్మను చూపించాలనిపిస్తుంది. మనం అలసి నిద్రపోయినప్పుడు మన వంతు పాట పాడేవాళ్ళు ఉండాలి. మన జేబు తడిమేవాళ్ళు ఉండాలి. వాళ్ళే ఒక్కోసారి మనల్ని చూసి నవ్వుతారు కూడా. అది నేనింకా క్షమించలేకపోతున్నాను, అయినా అది నిజం.

ఇప్పుడు నేను సూరత్ శివార్లలో, జోల్వా దగ్గర ఒక బళ్ళో పిల్లలకు చదువు చెబుతున్నాను, అక్కడి సంఘానికే వెళ్ళేదాన్ని. నిరుడు ఒక ఆదివారం, మార్కెట్టు పని నుంచి మాసిన బట్టలతో వచ్చిన ఒక అమ్మాయిని ముందు వరుసలోంచి లేపి వెనక్కి పంపారు. ఒళ్ళంతా మండింది. పెద్దమ్మలా లేచి నిలబడాలనుకున్నాను, కూర్చునే ఉండిపోయాను. మరుసటి వారం నుంచి వెళ్ళడం మానేసి, గది తలుపు వేసుకొని ఫోన్లో ఆరాధన చూడటం మొదలుపెట్టాను.

అప్పుడే పెద్దమ్మకు ఒంట్లో బాగుండక, కొడుకు వచ్చి ఊరికి తీసుకెళ్ళాడు. స్టేషనుకు వెళ్ళాను. బాగా చిక్కిపోయింది, గొంతు మాత్రం అదే. కిటికీలోంచి నా చేయి పట్టుకొని, సంఘానికి పోతున్నావా అని అడిగింది. ఫోన్లో చూస్తున్నానన్నాను, ఎందుకో కూడా చెప్పాను.

"ఫోను నీ జేబు తడుముతదా?" అంది.

వాళ్ళ మీద చాలా కోపంగా ఉంది పెద్దమ్మా అన్నాను. ఆమె ఆ ఎండాకాలం ఊళ్ళోనే కన్నుమూసింది, మళ్ళీ చూడలేకపోయాను. ఇప్పుడు ప్రతి ఆదివారం వెళుతున్నాను, గుమ్మం పక్కనే కూర్చుంటున్నాను, ఆ అమ్మాయి వస్తే నా పక్కకు జరిగి చోటిస్తున్నాను. కొన్నిసార్లు పళ్ళు బిగించుకునే పాడుతున్నాను. రైలు కదులుతుంటే చేయి వదలకుండా ఆమె అన్న మాట ఇది:

"కోపమొస్తె రానీ. కోపంతోనే పోయి కూసో. గని నా జాగ ఖాళీగుంచకు, బిడ్డా."