అమ్మమ్మ మోకాళ్ళకు వేడి ఇసుక: లెట్‌కోక్కోన్ తీరంలో ఒక రోజు

మంచి బీచ్ ఎక్కడుందని ఫోనులో వెతికితే ఎప్పుడూ గ్రీసు దీవులే ముందు వస్తాయి. నీలి సముద్రం, కొండ మీద తెల్లటి ఇళ్ళు, గోడల మీద గులాబీ రంగు పూలు. ఆ బొమ్మలు మా అమ్మమ్మకు చూపించాను. ఆవిడ ఫోను కళ్ళ దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, "అన్నీ మెట్లేనే! ఆ దేశంలో ముసిలోళ్ళు ఎలాగ బతుకుతారు?" అంది. సముద్రం ఆవిడ కంట పడనే లేదు.

పడకపోవడానికి కారణముంది. బర్మాలో, యాంగోన్ నగరంలోని మింగళ తౌంగ్‌న్యున్ పేటలో, ఒక పాత మేడలో, నాలుగో అంతస్తులో నేనూ అమ్మమ్మా ఉంటాం. లిఫ్టు లేదు. మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. అమ్మమ్మ మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. మొన్నటి వానాకాలమంతా ఆవిడ కిందకు దిగలేదు. బాల్కనీలోంచి తాడు వదిలి, కూరగాయలవాడు దాని చివర క్లిప్పుకు సంచి తగిలిస్తే పైకి లాక్కుంటూ, బేరం మాత్రం వీధంతా వినపడేలా ఆడేది. ఇది చూసి ట్వంటేలో కుండల కొట్టు నడిపే మా మామ సింహాచలం తీర్పు చెప్పేశాడు. ఈ నెలాఖరులోగా ఎవరి సాయమూ లేకుండా నాలుగంతస్తులూ ఎక్కి చూపిస్తే సరే, లేకపోతే ట్వంటే వచ్చి ఆయన దగ్గర ఉండాలి. ఆయనది నేల మీది ఇల్లు, చుట్టూ వరిచేలు, చల్లటి గాలి. అమ్మమ్మకు ఆ మాట ఉరిశిక్షలా వినిపించింది. "అక్కడ కప్పలు తప్ప మాటాడీవోళ్ళు లేరే. ఇక్కడైతే కిందింటి డౌ ఖిన్‌తో రోజూ తగువైనా ఉంటాది" అని నా దగ్గర మొత్తుకుంది.

మందు చెప్పింది కూడా మూడో అంతస్తు డౌ ఖినే. సముద్రపు ఇసుక ఎండకు బాగా కాలినప్పుడు మోకాళ్ళు అందులో పాతిపెట్టి మధ్యాహ్నమంతా కూర్చుంటే నొప్పి లాగేస్తుందట. అమ్మమ్మ వెంటనే నా వైపు తిరిగింది. మా కుటుంబంలో బడికెళ్ళి చదివినది నేనే మొదలు. అందుకని ఫ్రిజ్ ఎందుకు మోగుతోందో, కడుపు ఎందుకు ఉబ్బిందో అన్నీ నన్నే అడుగుతారు. నేను చదివింది కామర్స్. అయినా బాధ్యతగా క్లినిక్‌లో డాక్టరుగారిని అడిగాను. "వేడి తగిలితే హాయిగా ఉంటుంది. హాని లేదు. కానీ మాత్రలు మానొద్దు" అన్నారావిడ. అలా మాకు మంచి బీచ్ అంటే నీళ్ళు ఎంత నీలంగా ఉన్నాయన్నది కాదు, ఇసుక ఎంత కాలుతుందన్నది అయింది.

యాంగోన్ నుంచి ఒక్క రోజులో వెళ్ళి రాగలిగే సముద్రతీరం లెట్‌కోక్కోన్. డాలా, ట్వంటే, కున్‌జాంగోన్ మీదుగా దారి. వానలు వెనకబట్టాక ఒక ఆదివారం ఉదయం ఐదున్నరకు బయలుదేరాం. నా భుజం పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆ మేడ కట్టినవాణ్ణి తిడుతూ అమ్మమ్మ కిందకు దిగేసరికి తెల్లారిపోయింది. పన్సొడాన్ రేవుదాకా టాక్సీ, అక్కడి నుంచి ఏరు దాటే పడవ. పడవ టిక్కెట్టు కొద్ది వందల చాట్లే (మా దేశపు డబ్బు), దాటడానికి పది నిమిషాలు కూడా పట్టదు. అవతల డాలాలో కారు రోజంతటికీ లక్షా యాభై వేల చాట్లకు మాట్లాడుకున్నాను. పెట్రోలు ధరతో పాటు ఇదీ మారుతుంటుంది కనుక ముందే తేల్చుకోండి. ఆ వారం రోడ్డు ఎలా ఉందో కూడా డ్రైవర్లనే అడగాలి.

మా డ్రైవరు పేరు కో మిన్. కారు కొని ఏడాది దాటినా సీట్ల మీది ప్లాస్టిక్ తీయలేదు. తలుపు గట్టిగా వేస్తే మనసులోనే మూలుగుతాడు. ఏడింటికి ట్వంటే దగ్గరపడుతుండగా అమ్మమ్మ నా చెయ్యి గిల్లింది. "ఒలే, మీ మామ కొట్టు రోడ్డు మీదే కదేటి?"

ఆ సంగతి నేను మరిచేపోయాను. మామకు తెలిస్తే, మెట్లు దిగలేని మనిషిని సముద్రానికి తీసుకెళ్ళావా అని నన్ను చంపేస్తాడు. కుండల వరసలు కనబడగానే ఇద్దరం సీట్ల మీద వాలిపోయాం. ప్లాస్టిక్ కిర్రుమంది. కో మిన్ అద్దంలో చూసి కంగారుపడ్డాడు.

"అఫ్వాకు ఒంట్లో బాగాలేదా? కారులో కక్కుకుంటే కడగడం చాలా కష్టం" అన్నాడు బర్మా భాషలో. అఫ్వా అంటే అవ్వ.

"ఏమీ లేదు, నిద్ర వచ్చింది" అన్నాను, సీటు మీద అడ్డంగా పడుకునే.

"ఇద్దరికీ ఒకేసారా?"

పదింటికి లెట్‌కోక్కోన్ చేరాం. మా ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడలో వచ్చి యాంగోన్‌లోని బోటాటౌంగ్ రేవులో మూటలు మోసినవాళ్ళు. అందుచేత మాది సముద్రం తెలిసిన వంశమని ఇంట్లో గట్టి నమ్మకం. ఆ తరవాత పుట్టిన మేమెవరమూ సముద్రం మొహం చూడలేదన్నది ఎవరూ పట్టించుకోరు. ఆ వంశంలోని పెద్ద దిక్కు కారు దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఎదురుగా చూసింది. కనుచూపు మేర బూడిదరంగు బురద. దాని చివర, దారం వేసినట్టు ఒక మెరుపు గీత.

"నీళ్ళేవే?" అంది.

"పోటు తీసింది, అమ్మమ్మా. మళ్ళీ వస్తుంది."

"ఇంత దూరం వొచ్చినోళ్ళం మనం. ఎదురొచ్చీది పోయి, ఎల్లిపోవడమేటి?" అంది, చుట్టం ఇంటికి తాళం వేసి పోయినంత కోపంగా.

లెట్‌కోక్కోన్‌ను ఒక తీరం అంటారు గానీ, ఇసుక కోసం తిరిగితే అందులో మూడు తీరాలున్నాయి. మొదటిది కొబ్బరిచెట్ల కింద, తిండి కొట్ల ముందున్నది. పిల్లలతో వచ్చేవాళ్ళకు ఇదే మంచిది. నీడ ఉంది, కుర్చీలున్నాయి, వేయించిన పీతలు అక్కడికక్కడే దొరుకుతాయి. అమ్మమ్మ అరచేత్తో ఇసుక తాకి, "సల్లగుంది, దోసకాయలాగ" అని కొట్టిపారేసింది. కొంచెం తూర్పుగా జాలరుల గుడిసెల దగ్గర రెండో తీరం. అక్కడ ఇసుక పెనంలా కాలుతోంది కానీ అంగుళం ఖాళీ లేకుండా రొయ్యలు ఎండబోశారు. అమ్మమ్మ మోకాళ్ళ గోడు చెప్పుకుంటూ ఒక చాపను కాలితో కాస్త జరపబోయింది. ఎండురొయ్యలు తిరగేస్తున్న ఆవిడ తలెత్తి, "మోకాళ్ళు ఎండబెట్టాలంటే రొయ్యలతో పాటు వరసలో పడుకో, సాయంత్రం ఇద్దరినీ కలిపి అమ్మేస్తా" అంది. అమ్మమ్మకు ఆవిడ బాగా నచ్చింది. ఇద్దరూ బర్మా భాషలో కాసేపు తిట్టుకుని స్నేహితులయ్యారు. ఆవిడే మూడో తీరం చూపించింది. గట్టి ఇసుక మీద కారు కొంత దూరం పోతుంది, ఆ తరవాత పాదం మునగని నీటిపాయ, పాయకు అవతల తెల్లగా, పొడిగా ఒక ఇసుక దిబ్బ. "నీళ్ళు తిరగ్గానే వచ్చేయండి" అని మాత్రం చెప్పింది.

పన్నెండు దాటాక దిబ్బ మీద గొయ్యి తీసి, అమ్మమ్మను కూర్చోబెట్టి, నడుందాకా ఇసుక కప్పాను. తల మీద గొడుగు, చేతిలో మంచినీళ్ళ సీసా. కో మిన్ కారును పాయకు ఇవతలే ఆపుకుని, ఉప్పు తుంపర పడకుండా తలుపులకు పాత లుంగీలు కప్పుతున్నాడు. అమ్మమ్మ కళ్ళు మూసుకుంది. "ఆ... లాగతంది... ఎముకలోంచి లాగతంది" అంటూ ఉంటే, నిజం చెప్పొద్దూ, నాకూ ఆశ పుట్టింది. పక్కనే కూర్చుని, నెలాఖరుకు ఆవిడ మెట్లెక్కి మామ ఎదుట నిలబడినట్టు ఊహించుకుంటూ కునుకు తీశాను.

కారు హారనుకు మెలకువ వచ్చింది. ఆగకుండా మోగుతోంది. వెనక్కి తిరిగి చూస్తే పాయ వెడల్పయింది. ముందుకు చూస్తే ఆ మెరుపు గీత ఇప్పుడు నురగలతో పాకుతూ వస్తోంది.

"అమ్మమ్మా, లే! నీళ్ళొచ్చేస్తున్నాయ్!"

"రానీ. బోటాటౌంగ్‌లో ఏరు ఎక్కడం నానెరగనా? గట్టు ఎక్కడానికి పూటంతా పడతాది."

"ఇక్కడ గట్టు లేదు! నేలంతా పళ్ళెంలా ఉంది!"

"ఇప్పుడిప్పుడే పడతంది కదే ఏడి. ఇంకాసేపు..."

ఆ మాట నోట్లో ఉండగానే గోతిలోకి అడుగు నుంచి చన్నీళ్ళు ఊరాయి. "ఓలమ్మో!" అని అమ్మమ్మ వేసిన కేకకు దిబ్బ మీది పీతలన్నీ కన్నాల్లో దూరాయి. నేను రెండు చేతులా తవ్వుతున్నాను, తడిసిన ఇసుక తవ్వినంత మేరా మళ్ళీ జారుతోంది. రొయ్యల ఆవిడ పాయ దాటి పరిగెత్తుకుంటూ వచ్చింది. "నీళ్ళు తిరగ్గానే అన్నానా లేదా!" అంటూ రొయ్యల తట్టతో ఇసుక ఎత్తిపోసింది. ఇద్దరం చంకల్లో చేతులేసి లాగాం. ముల్లంగి ఊడినట్టు అమ్మమ్మ ఊడి వచ్చింది. మోకాలి లోతు పాయలో చెరో పక్కా పట్టుకుని నడిపించాం. అవతలి ఒడ్డున ఆవిడ మా చేతులు విదిలించుకుని, చీర పిండుకుని, వచ్చిన సముద్రాన్ని ఒకసారి కింది నుంచి పైకి చూసింది. "పెద్దదే" అంది.

కొట్లో అన్నం, రొయ్యల కూర తిని (ఇద్దరికీ పాతికవేల చాట్లయింది) రెండున్నరకు తిరుగు ప్రయాణం పట్టాం. అమ్మమ్మ వెనక సీటులో పొడుగ్గా పడుకుని నిద్రపోయింది. నేను ముందు కూర్చున్నాను. కో మిన్ మాత్రం దారంతా చక్రాలకు పట్టిన ఉప్పు గురించే మాట్లాడాడు. ట్వంటే రాగానే, నేను నోరు తెరిచేలోపు, కారు పక్కకు తీసి ఆపేశాడు. ఎదురుగా కొట్టు. కుండల వరసలు. "అన్నా, ఒక బకెట్టు నీళ్ళిస్తారా? బండి కడుక్కోవాలి" అని కేకేశాడు. బకెట్టు పట్టుకుని వచ్చింది మా మామే.

నేను తల దించుకున్నాను. మామ నన్ను చూడలేదు. వెనక అద్దంలోంచి చూశాడు.

"అమ్మా?"

అమ్మమ్మ కళ్ళు తెరవకుండా, "నాను కాదురా" అంది.

"మరెవరు? ఈ ఇసకేటి? ఈ తడి చీరేటి? సముద్రంలో పడ్డావేటి?"

"పడనేదు. అదే వొచ్చి నా మీద పడింది."

మామ బకెట్టు నేల మీద పెట్టి నా వైపు తిరిగాడు. "నువ్వు సదువుకున్నదానివి" అన్నాడు. అంతకంటే పెద్ద తిట్టు ఆయన దగ్గర లేదు. తరవాత లోపలికెళ్ళి రెండు ఖాళీ బియ్యం బస్తాలు తెచ్చి, వెనక తలుపు తీసి అమ్మమ్మ కాళ్ళ దగ్గర ఇరుక్కుని కూర్చున్నాడు. "నెలాకరూ లేదు, ఏటీ లేదు. ఈయేలే సామాను సర్దీసి తెచ్చీస్తాను." డాలాలో కారు దిగి పడవెక్కాం. పడవలో అమ్మమ్మ నా కొంగు పట్టుకుని కూర్చుంది.

ఏడు దాటాక ఇంటి కిందకు చేరాం. అమ్మమ్మ మెట్ల వైపు చూసింది, బస్తాల వైపు చూసింది. నేను భుజం అందించబోతే, "నన్నంటుకోకు. మీ మామ సూస్తన్నాడు" అంది. కమ్మీ పట్టుకుని, ఒక కాలు పెట్టి, రెండో కాలు దాని పక్కకు చేర్చుకుంటూ మొదలుపెట్టింది. ప్రతి మలుపు దగ్గరా ఆగింది. మొదటి అంతస్తులో రొయ్యల ఆవిడ కథ చెప్పింది. రెండో అంతస్తులో సముద్రం ఎంత పొడవుందో చెప్పింది. మెట్టు మెట్టుకూ చీరలోంచి ఇసుక రాలుతోంది. వెనకనే మామ, "నిజం ఒప్పీసుకో అమ్మా, నీ వల్ల కాదు" అంటూ ఎక్కుతున్నాడు. రెండో అంతస్తు దాటాక ఆ మాటలు తగ్గాయి. మూడో అంతస్తుకు ఊపిరి మాత్రమే వినిపించింది. ఏళ్ళ తరబడి నేల మీది ఇంట్లో, కొట్టులో కుర్చీలో ఉన్న మనిషి. డౌ ఖిన్ గుమ్మం ముందు బస్తాలు పరుచుకుని చతికిలబడ్డాడు. ఆవిడ లోపలి నుంచి నిమ్మరసం తెచ్చిచ్చింది.

అమ్మమ్మ పై నుంచి వంగి చూసింది. ఆవిడ మొహమంతా చెమట, కానీ నాలుగో అంతస్తు గడప మీద ఉంది. "ఒరే సిమ్మాచెలం, కూకో నాయనా, కూకో. బేగి లేవకు. మోకాళ్ళు జాగర్త."

ఇసుక పని చేసిందో, బస్తాలు పని చేశాయో నేను చెప్పలేను. మర్నాడు అమ్మమ్మ మంచం దిగలేదు, మాత్రలు యథాప్రకారం వేసుకుంది. కానీ మామ ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకుని, పొద్దున్న వెళ్తూ, "సరే, వొచ్చే వానలదాకా సూద్దాం" అన్నాడు. ఆవిడకు అంతకు మించి అక్కర్లేదు. లెట్‌కోక్కోన్ అందమైన తీరమేమీ కాదు, గ్రీసు దీవుల బొమ్మలు చూసి వెళ్తే నిరాశపడతారు. ఒక మనిషి తన ఇంట్లో తను ఉండడం కోసం డెబ్భై ఏళ్ళ వయసులో నడుందాకా ఇసుకలో కూరుకుపోవడం మాత్రం నేను అక్కడే చూశాను. ఎంత చదివినా ఆ పట్టుదల నాకు వస్తుందో లేదో తెలియదు.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సూచన: దిబ్బ మీదకు దాటేముందు నీళ్ళు ఎప్పుడు తిరుగుతాయో గుడిసెల దగ్గర అడిగి, ఆ వేళకు ఒక గంట ముందే ఇవతలికి వచ్చేయండి. దారిలో చుట్టాలుంటే, ఏ కొట్టు ముందు ఆగకూడదో డ్రైవరుకు డాలాలోనే చెప్పేయండి.