వగ్దీ గారు మెచ్చిన కంపెనీ

మా ఎదురింటి వగ్దీ గారికి ఇంటర్నెట్‌తో ఒకటే పని. ఎవరికి ఎంత వేగంగా వస్తోంది, ఎంతకి వస్తోంది, అంతకన్నా చవగ్గా ఇంకెవరిస్తున్నారు అని వాకబు చెయ్యటం. అంతకుమించి దాన్ని దేనికీ వాడరు. సినిమా చూడరు, వార్తలు చదవరు. పొద్దున్నే లేచి, ఫోనులో వేగం కొలిచే మీట నొక్కి, ముల్లు సగం దాకా వెళ్ళి కూలబడటం కళ్ళారా చూసి, "చచ్చింది" అని తృప్తిగా టీ తాగుతారు.

"నెల డేటా అంతా వేగం చూడ్డానికే సరి," అనేది వాళ్ళావిడ ఇన్షిరాహ్ గారు. "బండి ఎంత జోరుగా పోతుందో చూద్దామని ఇంటిముందే పెట్రోలంతా తగలేసే మనిషితో నా కాపురం."

వగ్దీ గారు అలెగ్జాండ్రియా ట్రాముల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరయ్యారు. ఉద్యోగం పోయింది గానీ తనిఖీ పోలేదు. ఎవరింటికి వెళ్ళినా ముందు వైఫై పాస్‌వర్డ్ అడిగేవారు, తర్వాత కుశలం. చేపల మార్కెట్లో బేరం మధ్యలో ఆగి, "ఇంతకీ మీ ఇంట్లో ఏ కంపెనీ?" అనేవారు. అలా అడిగితే చేపలమ్మేవాడు కూడా కత్తి పక్కన పెట్టి తన గోడు చెప్పుకునేవాడు. మా ఊళ్ళో ఇంటర్నెట్ గురించి గోడు లేని మనిషి లేడు.

ఓసారి మా వీధి ఇస్త్రీ కొట్టు లుత్ఫీ వాళ్ళ నాన్న పోయాడు. షామియానాలో అందరం చక్కెర లేని కాఫీ పట్టుకుని, తలలు వంచుకుని కూర్చున్నాం. వగ్దీ గారు లుత్ఫీ చెయ్యి పట్టుకుని, "దేవుడు ఓర్పునివ్వాలి నాయనా," అన్నారు. కాసేపాగి, "మీది నస్మా కంపెనీయేనా?" అన్నారు. లుత్ఫీ కళ్ళు తుడుచుకుని, "అవును బాబాయ్. ఇరవయ్యో తారీఖుకల్లా డేటా అయిపోతోంది. నాన్న ఆఖరి మాట కూడా దాని గురించే," అన్నాడు. అంతే, అటు పక్కాయన బర్క్ కంపెనీని తిట్టాడు, ఇటు పక్కాయన సహ్ల్ కంపెనీని శపించాడు. చివరికి ఖురాన్ చదివే పెద్దాయన గొంతు సవరించుకుంటే గానీ సద్దు మణగలేదు.

ఇక కంపెనీ వాళ్ళకి ఫోన్ చెయ్యటమంటే ఆయనకి పండగ. లైన్లో ఆపి వాళ్ళు వినిపించే పాట వింటూ వంకాయలు తరిగిపెట్టేవారు.

"సార్, ఒకసారి మోడెమ్ ఆపి మళ్ళీ పెట్టండి," అనేది అవతలి అమ్మాయి.

"తల్లీ, దాన్ని ఆపి పెట్టినన్నిసార్లు నేను మా ఆవిణ్ణి కూడా పుట్టింటికి పంపి తెచ్చుకోలేదు. ఇంకేదైనా చెప్పు."

అలాంటి మనిషి ఉన్న మా బిల్డింగుకి ఫైబర్ వచ్చింది. వచ్చిందంటే, వస్తామన్నారు. బర్క్ కంపెనీ నుంచి తామిర్ అనే ఇంజనీరు వచ్చి, బిల్డింగులో అన్ని ఇళ్ళూ ఒప్పుకుంటేనే వీధి తవ్వి కేబుల్ వేస్తామన్నాడు. అందరం అక్కడికక్కడే ఒప్పేసుకున్నాం. నేను ఇంట్లో కూర్చుని పెళ్ళి ఆల్బమ్‌లు తయారుచేసి పంపేవాణ్ణి. నా పాత లైను మీద ఫొటోలు వెళ్ళేలోపు పెళ్ళికొడుకులకి పిల్లలు పుడుతున్నారు. నాకా కేబుల్ ప్రాణంతో సమానం.

వగ్దీ గారు మాత్రం ఒప్పుకోలేదు.

"వేగం వంద అంటున్నావు. వంద ఎక్కడ? మోడెమ్ దగ్గరా, నా మంచం దగ్గరా?" అన్నారు.

తామిర్ వివరించి వెళ్ళాడు. మళ్ళీ వచ్చేసరికి ఇంకో ప్రశ్న సిద్ధం.

"నెలాఖరుకి మిగిలిన డేటా ఏమవుతుంది?"

"పోతుంది సార్."

"నేను కొన్న చేపలో సగం మిగిలితే, నెలాఖరున చేపలవాడొచ్చి మా ఫ్రిజ్‌లోంచి పట్టుకుపోతాడా?"

తామిర్ సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత సహ్ల్ వాళ్ళ ధర బాగుందన్నారు. ఆ పైన నస్మా వాళ్ళ మోడెమ్ అందంగా ఉందన్నారు. వారాలు గడిచాయి. బిల్డింగులో అందరూ ఆయన సలాముకి జవాబివ్వటం మానేశారు. బిల్డింగు సంఘానికి పెద్దయిన మదామ్ నాజ్లీ మెట్ల మీద ఆయన్ని నిలదీసింది.

"వగ్దీ గారూ, నా సీరియల్లో కోడలు తలుపు తీసి నిన్నట్నుంచీ అలాగే నిలబడుంది. ఆవిడ లోపలికి రావాలా, వద్దా?"

"పోల్చి చూడాలి మదామ్. తొందరపడితే ఎలా?"

నాక్కూడా ఒళ్ళు మండింది. ఆల్బమ్‌లు ఆలస్యమై మంచి ఫొటో స్టూడియో ఒకటి నన్ను వదిలేసింది. ఇవాళ ఈయనతో తాడోపేడో తేల్చుకోవాలని ఓ మధ్యాహ్నం తలుపు తీశాను. ఎదురుగుమ్మంలో తామిర్ నీరసంగా జారబడి, అతని ముందు వగ్దీ గారు నిలబడి కనిపించారు. వాళ్ళు నన్ను చూడలేదు.

"సార్, మీకు ఏం కావాలో మీరే చెప్పండి," అంటున్నాడు. "వీధిలో మీ బిల్డింగొక్కటే మిగిలింది. మీకొక్కరికీ ఏడాది ఉచితంగా ఇప్పిస్తాను. ఎవరికీ చెప్పకండి, ఒప్పుకోండి చాలు."

"ఏడాదా? సరే. అది నాకొద్దు, డాబా మీద గదికి ఇవ్వు."

డాబా మీద గదిలో అతియ్యాత్ టీచరమ్మ ఒంటరిగా ఉంటుంది. మలేషియా పిల్లలకి ఫోనులో ఖురాన్ చదవటం నేర్పి బతుకుతోంది.

"డాబా గది మా లెక్కలో ఇల్లు కాదు సార్."

"లెక్కలో లేకపోయినా అందులో మనిషుంది. డాబా మీద వేగం ఎంతుందో చూద్దామని ఫోనుచ్చుకుని పైకెళ్ళాను. నీళ్ళ టాంకు పక్కన, సిగ్నల్ తగిలే మూల, గాలిలో ముసుగు ఎగిరిపోతుంటే పట్టుకుని నిలబడి ఆవిడ పాఠం చెబుతోంది. అవతలి పాపకి వినపడక ఒకటే ముక్క మళ్ళీ మళ్ళీ చదువుతోంది. ఇద్దరు పిల్లలు మానేశారట. కేబుల్ పైదాకా లాగు, నేను ఒప్పుకుంటాను."

తామిర్ తల పట్టుకున్నాడు. "ఈ మాట మొదటి రోజే అనొచ్చు కదా సార్."

"మొదటి రోజు అడిగితే కుదరదనేవాడివి. ఆ గది ఖాళీ చేయించాలని చూస్తున్న నాజ్లీకి తెలిస్తే అడ్డుపడేది. మనిషిని బాగా విసిగించి, ఇంక వీడు వదిలితే చాలనుకున్నప్పుడు అడగాలి. ఈ విద్య నాకు నేర్పింది మీ కంపెనీయే. ఫోనులో పాట వినిపించి మరీ నేర్పింది."

నేను తలుపు చప్పుడు కాకుండా మూసుకున్నాను. తాడోపేడో తేల్చుకోవటం ఇంకో రోజుకి వాయిదా వేశాను.

కేబుల్ వచ్చింది. నా ఫొటోలు వెళ్ళాయి, నాజ్లీ గారి కోడలు లోపలికొచ్చింది. టీచరమ్మతో మాత్రం, ఎత్తయిన చోట ఇంటర్నెట్ ఎలా పనిచేస్తుందో చూసుకోవటానికి కంపెనీయే ఉచితంగా ఇస్తోందని వగ్దీ గారు తామిర్ చేత చెప్పించారు. ఆవిడ నమ్మింది.

ఓ శుక్రవారం నేను వగ్దీ గారింట్లో టీ తాగుతున్నాను. టీచరమ్మ బస్బూసా మిఠాయి పళ్ళెం పట్టుకుని దిగొచ్చింది. మానేసిన పిల్లల్లో ఒకమ్మాయి తిరిగొచ్చిందట, చెల్లెల్ని కూడా తెచ్చిందట.

"ఈ బర్క్ కంపెనీ వాళ్ళు పదికాలాలు చల్లగా ఉండాలి," అంది. "అడక్కుండానే ఇచ్చారు. రోజూ నమాజులో వాళ్ళకోసం దువా చేస్తున్నాను. మీరే వగ్దీ గారూ, పొద్దున లేస్తే వాళ్ళని ఆడిపోసుకుంటారు. అంత మంచివాళ్ళని అలా అనొచ్చా?"

వగ్దీ గారు నా వైపు చూశారు, కిటికీ వైపు చూశారు, టీ గ్లాసులోకి చూశారు. నేను బస్బూసా నోట్లో కుక్కుకున్నాను, లేకపోతే నవ్వేసేవాణ్ణి. ఆయన పన్ను పీకించుకుంటున్నవాడిలా నోరు తెరిచి, మెల్లగా అన్నారు.

"అవునమ్మా. బర్క్ కంపెనీ వాళ్ళు... మంచివాళ్ళే."

వంటింట్లోంచి ఇన్షిరాహ్ గారు పరుగున వచ్చి, ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం ఉందేమో చూసింది.