మా వరండాలో పార్లమెంటు

ఆదివారం ఆరాధన అయిపోయాక బెంగాలీ గడ్డమీద నిమ్‌పురాలోని మా రైల్వే క్వార్టర్ వరండాలో పార్లమెంటు కూడేది. ప్రధానమంత్రి మా ఆయన. యార్డులో రైలుపెట్టెల్ని లైన్లు మార్చే షంటింగ్ చూసే మనిషి, ఇంట్లో నోరు మెదపరు. వరండాలో మాత్రం దేశం మొత్తానికీ ఆయనే జవాబుదారీ. సభ్యులంతా ఆయనతో పనిచేసేవాళ్ళు. స్పీకరు పక్క క్వార్టర్ బెంగాలీ దాదా. చిన్నప్పట్నుంచీ మా తెలుగువాళ్ళ మధ్య పెరిగి మా మాటే మాట్లాడతారు. టీ శాఖ నాది. నేను అడగలేదు, నా నెత్తిన పడింది.

ఆ సభకి ఒక్కటే కట్టుబాటు. ఎవరు ఏది అడిగినా ప్రధాని లేచి నిలబడి జవాబు చెప్పి తీరాలి. తెలీదంటే పదవి ఊడుతుంది. అందుకని మా ఆయన తనకొచ్చిన విద్యతోనే దేశాన్ని నెట్టుకొచ్చేవారు.

“ఉల్లిపాయల ధర ఎందుకు దిగదండీ?” అని ఒకాయన లేచేవాడు.

“అప్ లైన్లో ఎక్కిపోనాది. డౌన్ లైన్లో పని జరుగుతంది. లైను కిలీరవ్వగానే దిగుతాది.”

“రెండు రాష్ట్రాలు నది నీళ్ళకి కొట్టుకుంటన్నాయి. ఏటి సేస్తారు?”

“రెండింటికీ ఒకేసారి పచ్చ సిగ్నలిస్తే గుద్దుకుంటాయి. ఒకర్ని పక్క లైన్లో ఆపుతాం.”

“ఎవర్ని?”

“ఎవరు తక్కువ అరిస్తే ఆళ్ళని.”

చరచడానికి బల్లల్లేవు కాబట్టి సభ్యులు కుర్చీల చేతులు చరిచేవారు. కుర్రాళ్ళ ఉద్యోగాలు, పెట్రోలు, సరిహద్దు గొడవలు, అన్నిటికీ ఆయన దగ్గర ఏదో ఒక రైలు పట్టా ఉండేది. వంటగదిలో నాకు నవ్వాగేది కాదు. ఇంత మాటకారిని ఇంట్లో ఎక్కడ దాచిపెడతారో అనుకునేదాన్ని.

నా ప్రశ్న ఒక్కటే అలా ఉండిపోయింది. ఆయన రిటైర్మెంటు దగ్గరపడింది, క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. సోంపేట దగ్గర తాతల ఊళ్ళో ఇల్లు కట్టుకుందామని ఆయన ఆశ. పెళ్ళిళ్ళకీ చావులకీ తప్ప ఆ ఊరి మొహం చూసిన మనిషి కాదు, అయినా “మన ఊరు” అంటారు. నేను పుట్టింది ఇక్కడ. నా చర్చి, నాతో పాటలు పాడే ఆడవాళ్ళు, నా బేరాలకి విసిగిపోయిన ఖరిదా బజారు కూరగాయల దీదీలు, మా అమ్మ సమాధి, అన్నీ ఇక్కడే. ఎప్పుడు కదిపినా “సూద్దాంలే” అని సైకిలెక్కేవారు. ఓ శనివారం ఫోన్లో మేస్త్రీతో పునాది గురించి మాట్లాడుతుంటే నా చెవినపడింది. ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు టీ పళ్ళెం కింద పెట్టి, కొంగు దోపుకుని, సభ మధ్య నిలబడ్డాను.

“దాదా, నాదొక ప్రశ్న.”

“మంత్రులు ప్రశ్నలడక్కూడదు,” అన్నారు మా ఆయన గాబరాగా.

“అయితే టీ శాఖకి రాజీనామా ఇచ్చేసినాను. ఇప్పుడడగొచ్చా?”

దాదా నన్ను వాళ్ళ భాషలో వదిన అనే పిలుస్తారు. “ఠీక్ హై బౌదీ, అడగండి,” అన్నారు.

“రిటైరైపోనాక ప్రధానిగారు ఎక్కడ కాపరముంటారు?”

మా ఆయన లేచి గొంతు సవరించుకున్నారు. “ఆ విషయం ప్రభుత్వ పరిశీలనలో ఉంది.”

“ఆ ప్రభుత్వంలో ఎంతమందున్నారు?”

సభ గొల్లుమంది. ఆయనా నవ్వబోయారు గానీ నేను నవ్వకపోయేసరికి ఆగిపోయారు.

“మేస్త్రీతో మాటాడినారు. ఆ ఇంట్లో వండుకు తినాల్సిన మనిషినేటైనా అడిగినారా?”

దాదా తల దించుకుని చెప్పుల వైపు చూసుకుంటున్నారు. మా ఆయన సభని వదిలేసి నా వైపు తిరిగారు.

“అడగలేదు. అడిగితే రానంటావని బయం. ఇప్పుడడుగుతన్నాను. వస్తావా?”

ఇన్నేళ్ళ కాపరంలో ఆయన నన్ను అలా అడగడం అదే మొదలు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ అడిగిన తీరుకి వస్తానని అనేద్దును కూడా.

“రాను,” అన్నాను.

ఆయన జేబులోంచి ఫోను తీసి, అందరూ చూస్తుండగానే మేస్త్రీకి చేశారు.

“పునాది ఒద్దు మేస్త్రీ. మా ఆవిడ రానంటంది. ఆవిడ రాకపోతే, ఆ ఊళ్ళో నాకు తెలిసినోళ్ళెవరూ లేరు.”